ఘాట్ ఎక్కేముందు సెకండ్ హ్యాండ్ బండి

కార్తీకం దగ్గరపడే కొద్దీ ఈ శీర్షికకి వచ్చే ఉత్తరాలన్నీ ఒకే దారి పడతాయి. పాత బైకు కొన్నాం, చలికాలంలో అరకో లంబసింగో వెళ్ళాలి, ఏం చేయించాలి? ఈసారి అలాంటివాటికే జవాబులు. ముందుగా ఒక మాట. సర్వీసింగు దసరాకే చేయించేసి నిశ్చింతగా కూర్చోకండి. అక్టోబరు మన తీరానికి తుపానుల నెల. హుద్‌హుద్ విశాఖని తాకింది 2014 అక్టోబరు 12నే. కొత్తగా పెట్టిన గ్రీజూ, చైనుకి వేసిన ఆయిలూ పది రోజులు వానలో నానితే పని మళ్ళీ మొదటికొస్తుంది. సామాన్లు ముందే కొనిపెట్టుకోండి. బండి మాత్రం వానలు తెరిపిచ్చాక విప్పించండి.

ప్రశ్న: 2017 మోడల్ పల్సర్ 150 కొన్నాను. మీటరు 42 వేలు చూపిస్తోంది. పాత ఓనరు దాన్ని బీచ్ రోడ్డు పక్కన అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో ఆరేడు నెలలు కదపకుండా ఉంచేశాడట. సర్వీసు పుస్తకం లేదు. మెకానిక్ "బండి కండిషన్‌లోనే ఉంది, జనరల్ సర్వీసు చాలు" అంటున్నాడు. ఆయిలు మార్చి అరకు వెళ్ళిపోవచ్చా? (మద్దిలపాలెం)

జవాబు: ఇంజన్ గురించి ఆయన చెప్పింది నిజమే కావచ్చు. కానీ ఘాట్ రోడ్డులో ఇంజన్ మొరాయిస్తే బండి ఆగిపోతుంది, అంతే. బ్రేకో టైరో మొరాయిస్తే ఆగదు, అదీ గొడవ. చాలా షెడ్లలో జనరల్ సర్వీసంటే ఆయిలు మార్చడం, ఎయిర్ ఫిల్టర్ దులపడం, ప్లగ్గు గీకడం, చైను బిగించడం, వాటర్ వాష్. రోజూ చూసుకునే బండికి అది చాలు. పుస్తకం లేని బండి విషయంలో మాత్రం ఏదీ ఎప్పుడూ మార్చలేదనే లెక్కన మొదలుపెట్టాలి.

టైర్లతో మొదలెట్టండి. టైరు పక్కగోడ మీద కోడిగుడ్డు ఆకారపు గీతలో నాలుగు అంకెలుంటాయి. 3516 అని ఉంటే 2016లో 35వ వారం తయారైందని. అదే కనిపిస్తే అవి బండితో వచ్చిన టైర్లే. గాళ్ళు ఇంకా లోతుగా ఉన్నా సరే మార్చేయండి. రబ్బరు గట్టిపడిపోతుంది, వేలిగోరు దిగదు. అనంతగిరి కాఫీ తోటల నీడలో పొద్దున పూట రోడ్డు తడిగా ఉంటుంది. అక్కడ గట్టి రబ్బరు జారుతుంది. గాలి ముందు 25, వెనక ఒక్కరే అయితే 28, ఇద్దరైతే 32 పీఎస్ఐ. బండి నడిపి వేడెక్కాక కాదు, పొద్దున్నే చల్లగా ఉన్నప్పుడు కొట్టించాలి.

తర్వాత ముందు బ్రేకు. మన ఊళ్ళో ఉప్పుగాలి మొదట పట్టేది ఇక్కడే. డిస్కుని ప్యాడ్లతో పట్టి నొక్కే కాలిపర్ రెండు పిన్నుల మీద అటూ ఇటూ జారుతూ పని చేస్తుంది. ఆ పిన్నుల రబ్బరు తొడుగు చిట్లితే తేమ లోపలికి పోయి తుప్పు పడుతుంది, కాలిపర్ ఉన్నచోటే బిగుసుకుపోతుంది. దాన్ని పట్టుకోవడం తేలిక. ప్యాడ్లు బయటికి తీసి పక్కపక్కన పెట్టి చూడండి. పిస్టన్ వైపుది రేకు దాకా అరిగి, అవతలిది నిండుగా ఉంటే పిన్నులు పట్టేసినట్టే. అప్పుడు ఒట్టి ప్యాడ్లు మార్చి పంపిస్తే రెండు నెలల్లో మళ్ళీ అదే కథ. పిన్నులు తీయించి, సన్న ఎమరీ కాగితంతో తుప్పు పోయేదాకా తుడిపించి, బ్రేకుల కోసం అమ్మే సిలికాన్ గ్రీజు పలచగా రాయించాలి. చక్రాలకి వాడే మామూలు గ్రీజు వద్దు, దానికి రబ్బరు తొడుగు ఉబ్బిపోతుంది. అన్నీ బిగించాక, ప్యాడ్లు వేయకముందే, కాలిపర్‌ని రెండు వేళ్ళతో నెడితే జారాలి. మందం ఒకటిన్నర మిల్లీమీటర్లకి దిగిన ప్యాడ్లు మార్చేయండి. వెనక డ్రమ్ము బ్రేకు విప్పించి, బ్రేకు షూల పొడిని గాలి కొట్టించకుండా తడిగుడ్డతో తుడిపించండి. ఆ పొడి ఊపిరితిత్తుల్లోకి పోకూడదు.

సెంటర్ స్టాండు వేసి, వెనక ఒకరు బరువు పెట్టి ముందు చక్రం గాల్లోకి లేపండి. హ్యాండిల్‌ని ఒక్క వేలితో మెల్లగా తిప్పండి. సరిగ్గా నడిమధ్యకి రాగానే "టక్" మని ఆగినట్టు తగిలితే కోన్ సెట్టు, అంటే హ్యాండిల్ తిరిగే బేరింగులు, గుంటలు పడింది. బిగిస్తే బాగుపడే రోగం కాదది. కొత్త సెట్టు వేయాలి.

ఇక ఇంజన్. 20డబ్ల్యూ50 ఆయిలు, డబ్బా మీద జాసో ఎంఏ (JASO MA, బైకు ఆయిలు గుర్తు) అని ఉండాలి. కారు ఆయిల్లో రాపిడి తగ్గించే రసాయనాలుంటాయి. మన బళ్ళ క్లచ్ ప్లేట్లు అదే ఆయిల్లో మునిగి తిరుగుతాయి కాబట్టి జారిపోతాయి. ఐదు నిమిషాలు స్టార్ట్ చేసి ఉంచి పాతది దింపించండి. ఆయిల్ ఫిల్టర్‌తో పాటు దాని ఓ-రింగూ, డ్రైన్ బోల్టు వాషరూ కొత్తవి. సుమారు లీటరు పడుతుంది. కొలత కోసం డబ్బాని కాదు, ఇంజన్ పక్కనున్న గాజు కిటికీని నమ్మండి. రెండు గీతల మధ్య ఉండాలి. దిగిన ఆయిలు పాలు కలిపిన టీ రంగులో ఉంటే లోపలికి నీళ్ళు పోయాయి, అది వేరే పని. ఈ బండికి ప్లగ్గులు రెండు. చేతికి అందేది ఒకటి మార్చి వదిలేయకుండా రెండూ మార్పించండి. వాల్వుల్ని తెరిచే టాపెట్ల దగ్గర సందు, ఇంజన్ పూర్తిగా చల్లారాక, ఇన్‌టేక్ 0.05, ఎగ్జాస్ట్ 0.10 మి.మీ. పెట్టించండి. చప్పుడు రాకూడదని మరీ బిగించమనకండి. వదులు టాపెట్ చప్పుడు చేస్తుంది, బిగుతు టాపెట్ చప్పుడు చేయకుండా వాల్వు కాల్చేస్తుంది.

ఆరేడు నెలలు కదలని బ్యాటరీ మీద ఆశ పెట్టుకోకండి. రాత్రంతా చార్జింగ్ పెట్టి, తీశాక మూడు నాలుగు గంటలు ఆగి మీటరు పెడితే 12.6 వోల్టుల దగ్గర నిలవాలి. 12.2కి పడిపోతే సగం కూడా మిగలనట్టే. ఇంజన్ కాస్త రేసులో ఉన్నప్పుడు 13.5 నుంచి 14.5 మధ్య చూపిస్తే చార్జింగ్ బాగుంది, బ్యాటరీ ఒక్కటే మార్చుకోండి.

ప్రశ్న: మా వారూ నేనూ బండి మీద అనంతగిరి నుంచి ఎస్.కోట వైపు దిగుతున్నాం. సగం దూరం వచ్చేసరికి ముందు బ్రేకు లివరు మెత్తబడిపోయి హ్యాండిల్ దాకా వచ్చేసింది. ఆగి అరగంట కూర్చుంటే మళ్ళీ మామూలైంది. షెడ్డులో చూపిస్తే ప్యాడ్లు బాగానే ఉన్నాయన్నారు. మరి లోపం ఎక్కడ? (సీతమ్మధార)

జవాబు: బ్రేకు ఆయిల్లో, అమ్మా. మళ్ళీ అదే దారి పట్టకముందే మార్పించండి. ఈ ఆయిలు గాల్లో తేమని పీల్చుకుంటుంది. సముద్రపు ఒడ్డున మరీను. కొత్త డాట్ 4 రకం బ్రేకు ఆయిలు కనీసం 230 డిగ్రీల దాకా మరగదు. తేమ పట్టాక ఆ హద్దు 155 దగ్గరికి దిగిపోతుంది. ఘాట్ దిగుతూ బ్రేకు పట్టుకునే ఉంటే డిస్కు వేడి ఆయిల్లోకి ఎక్కుతుంది, మరిగి బుడగలు కడుతుంది. మీరు లివరు నొక్కితే బుడగ నలుగుతుంది, ప్యాడు మాత్రం కదలదు. చల్లారితే బుడగ కరిగిపోతుంది కాబట్టి షెడ్డుకి వచ్చేసరికి అంతా బాగానే కనిపిస్తుంది.

రెండేళ్ళకోసారి, రంగు టీ డికాషన్‌లా మారితే ఇంకా ముందే, ఈ ఆయిలు మార్చాలి. డాట్ 3నా 4నా అన్నది హ్యాండిల్ మీదున్న బ్రేకు ఆయిలు డబ్బా మూత మీదే రాసి ఉంటుంది. డాట్ 5 అని ఉత్తినే ఉన్నది సిలికాన్ రకం, అది పోయనివ్వద్దు. దుకాణంలో మూత తీసి సగం వాడిన సీసా కూడా వద్దు. మీ ఎదురుగా సీలు తీయమనండి. పని ఇలా జరగాలి: ట్యాంకు మీద తడిగుడ్డ కప్పాలి, ఎందుకంటే చుక్క పడితే పెయింటు లేస్తుంది. పైనున్న పాత ఆయిలు సిరంజితో లాగేసి కొత్తది పోయాలి. కాలిపర్ నిపుల్‌కి (ఆయిలు దించే చిన్న మొనకి) పారదర్శకమైన గొట్టం తొడిగి, లివరు నొక్కి పట్టి, నిపుల్ వదులు చేసి, ఆయిలు రాగానే బిగించి, అప్పుడు లివరు వదలాలి. ఈ వరుస తప్పితే గాలి లోపలికి పోతుంది. గొట్టంలో బుడగలు లేకుండా తేటగా వచ్చేదాకా, పై డబ్బాలో మట్టం కింది గీత దిగకుండా పోస్తూ ఉండాలి.

దిగేటప్పుడు మీ వారికి ఒక మాట చెప్పండి. ఎక్కడానికి ఏ గేరు వాడారో దిగడానికీ అదే, రెండోదో మూడోదో. బ్రేకు నొక్కి వదులుతూ ఉండాలి, పట్టుకుని కూర్చోకూడదు. పెట్రోలు మిగులుతుందని న్యూట్రల్‌లో, తాళం తీసేసి దిగేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. వాళ్ళకి ఇంజన్ పట్టు ఉండదు, హారనూ ఉండదు.

ప్రశ్న: ముందు ఫోర్కు నుంచి ఆయిలు కారుతోంది. ఏడాదిలో రెండుసార్లు సీళ్ళు మార్పించాను. నెల తిరగ్గానే మళ్ళీ కారుతోంది. సీళ్ళు నకిలీవా? (భీమిలి)

జవాబు: సీళ్ళని తప్పు పట్టకండి. ఫోర్కు పైపు మీద వేలిగోరు పైనుంచి కిందికి నెమ్మదిగా లాగండి. ఎక్కడైనా గోరు తట్టుకుంటే అక్కడ తుప్పు తిన్న గుంట ఉంది. ఆవగింజలో పావు వంతు ఉన్నా చాలు, బండి గుంతలో పడ్డప్పుడల్లా అది ఆకురాయిలా సీలు అంచుని కోస్తుంది. మీ ఊరి గాలికి ఇది సహజం. దుమ్ము ఆపే పై రబ్బరు, డస్ట్ సీలు, దాని కింద ఉప్పు పేరుకుని అక్కడే మొదలవుతుంది.

ఆ గుంట సీలు తిరిగే మేరలో ఉందా లేదా తేల్చుకోండి. పైపుకి ప్లాస్టిక్ జిప్ టై ఒకటి వదులు లేకుండా కట్టి, డస్ట్ సీలుకి ఆనించి, ఇద్దరెక్కి గతుకుల మీద పది కిలోమీటర్లు తిరగండి. టై ఎంత పైకి పోయిందో సీలు అంతవరకు వస్తోంది. గుంట దానికి పైన ఉంటే 1500 నంబరు వాటర్ పేపరు నూనెలో తడిపి అంచులు నున్న చేస్తే సరిపోతుంది. కింద ఉంటే పైపు మార్చడమో హార్డ్ క్రోమ్ పూత వేయించడమో తప్ప దారి లేదు. ఆయిలు రెండు కాళ్ళలోనూ కొలిచి సమానంగా పోయాలి, కంటి కొలత పనికిరాదు. కారిన ఆయిలు డిస్కు మీద పడిందేమో చూసుకోండి. ప్యాడ్లు ఆయిలు పీల్చి ఉంటే కడిగి వాడకండి, పారేయండి.

ప్రశ్న: చైను ఎప్పుడు బిగించినా వారంలో వదులైపోతోంది. ఇంకా బిగించమంటే మెకానిక్ బిగించాడు, ఇప్పుడు బండి ఏడుస్తున్నట్టు చప్పుడు. (గాజువాక)

జవాబు: వెనక స్ప్రాకెట్ (చైను తిరిగే పళ్ళ చక్రం) చివర చైనుని వేళ్ళతో పట్టి వెనక్కి లాగండి. పన్ను సగానికి పైగా బయటపడితే చైను సాగిపోయింది. పళ్ళు షార్క్ రెక్కలా ఒకవైపు వంగి ఉంటే స్ప్రాకెట్లూ అయిపోయాయి. చైనూ, ముందూ వెనకా స్ప్రాకెట్లూ, మూడూ కలిపి సెట్టుగా మార్చాలి. పాత స్ప్రాకెట్ మీద కొత్త చైను వేస్తే ఆ చైను కూడా పాతదైపోతుంది.

బిగింపు సంగతి. మనిషి కూర్చుంటే వెనక చక్రం పైకి కదిలి చైను ఇంకా బిగుస్తుంది. అందుకే ఖాళీ బండికి కింది వరస మధ్యలో సుమారు 25 మి.మీ. ఊగాలి. చక్రం తిప్పుతూ నాలుగైదు చోట్ల చూసి, అన్నిటికంటే బిగుతుగా ఉన్నచోట ఈ కొలత పెట్టండి. మీకు ఏడుపు వినిపిస్తోందంటే ఆ భారం గేర్‌బాక్స్ షాఫ్టు బేరింగ్ మోస్తోంది. ఇవాళే వదులు చేయించండి. శుభ్రం చేయడానికి కిరసనాయిలో డీజిలో, మెత్తని బ్రష్షు. లింకుల మధ్య నల్లటి రబ్బరు రింగులు కనిపిస్తే పెట్రోలూ తీగ బ్రష్షూ ముట్టనివ్వద్దు. 90 నంబరు గేరాయిలు చైను లోపలి వైపు, తిరిగొచ్చాక వెచ్చగా ఉన్నప్పుడు, రాత్రి వేసి పొద్దున్న తుడవండి. వేసిన వెంటనే బయల్దేరితే సగం మీ ప్యాంటు మీదే.

ప్రశ్న: నెలరోజులు ఊళ్ళో లేను. వచ్చాక బండి చోక్ వేస్తే తప్ప నిలబడట్లేదు. కార్బురేటర్ బండి. ఇథనాల్ పెట్రోలే కారణమంటున్నారు. (పెందుర్తి)

జవాబు: కొంతవరకు నిజం. ఇప్పుడు బంకుల్లో దొరికేది 20 శాతం దాకా ఇథనాల్ కలిసిన పెట్రోలు. ఇథనాల్‌కి నీళ్ళంటే ప్రీతి. నెలరోజులు కార్బురేటర్ గిన్నెలో నిలవ ఉంటే తక్కువ రేసులో పెట్రోలు అందించే సన్న కన్నం, స్లో జెట్టు, పూడిపోతుంది. గిన్నె అడుగున ఉండే స్క్రూ వదులు చేసి పాతది ఓ గ్లాసులోకి దింపి చూడండి. గ్లాసు అడుగున నీటి చుక్కలు కనిపిస్తే గిన్నె విప్పించాలి. జెట్టులో తీగ పెట్టనివ్వకండి. ఇత్తడి మెత్తన, కన్నం పెద్దదై మైలేజీ పోతుంది. కార్బ్ క్లీనర్ కొట్టి గాలి ఊదితే చాలు. పెట్రోలు పైపు నొక్కితే పగుళ్ళు కనబడితే అదీ మార్చండి. ఈసారి ఊరెళ్ళేముందు గిన్నె ఖాళీ చేసి, ట్యాంకు నిండా కొట్టించి వెళ్ళండి. ఖాళీ ట్యాంకులో తేమ చేరి తుప్పు పడుతుంది.

ప్రశ్న: బీచ్ రోడ్డులో తిరిగొచ్చాక ప్రతిసారీ ప్రెషర్ వాటర్ వాష్ చేయించాలా? (పెదవాల్తేరు)

జవాబు: కడగాలి, ప్రెషర్ వద్దు. ఉప్పు మామూలు మంచినీళ్ళకే కరుగుతుంది, బక్కెట్టూ మగ్గూ చాలు. ప్రెషర్ గన్ను చక్రాల బేరింగులు, కోన్ సెట్టు, వైరు కనెక్టర్ల లోపలికి నీళ్ళు కొడుతుంది. కడిగాక వీధి చివరిదాకా వెళ్ళి, నాలుగుసార్లు బ్రేకులు నొక్కి, తడి ఆరాకే కవర్ కప్పండి.

ప్రశ్న: మా అబ్బాయి బండి కొని రెండు నెలలైంది. ఆర్‌సీ ఇంకా పాత ఓనరు పేరు మీదే ఉంది. టూరు నుంచి వచ్చాక చూసుకోవచ్చా? (కంచరపాలెం)

జవాబు: ముందే చూసుకోండి. ఫారం 29, 30 పెట్టి పేరు మార్పించుకోవాలి. కొన్నవారికి చట్టం ఇచ్చిన గడువు 30 రోజులు, అది ఇప్పటికే దాటింది. ఇన్సూరెన్సు బదిలీకి అడగాల్సింది 14 రోజుల్లో. బండికి ఏదైనా దెబ్బ తగిలి క్లెయిమ్ పెడితే కంపెనీ మొదట చూసేది ఈ పేర్లే. ఘాట్‌లో బండి నడిపేది మీ అబ్బాయి, కాగితాల్లో ఉన్నది వేరే ఆయన.