మూడేళ్లు ఏ టాబ్లెట్టూ లేకుండా వీగన్‌గా ఉన్నాను. బీ12 దగ్గర దెబ్బతిన్నాను

పాలు, గుడ్లు కూడా మానేసి, ప్రాసెస్ చేయని తిండి మాత్రమే తింటూ, ఏ టాబ్లెట్టూ వేసుకోకుండా ఉండొచ్చా అని అడిగారు. నేను అచ్చం అలాగే మూడేళ్లు ఉన్నాను. ఉండలేమండీ. మిగతావి చాలావరకు ఎలాగోలా తిండితో సర్దుకోవచ్చు గానీ విటమిన్ బీ12 కుదరదు.

మొదటి రెండేళ్లు ఏ ఇబ్బందీ లేదు. సప్లిమెంట్లు అనవసరమని నలుగురికీ చెప్పాను కూడా. అలా చెప్పినందుకు ఇప్పటికీ బాధగా ఉంటుంది. బీ12 మన కాలేయంలో కొన్నేళ్లకు సరిపడా నిల్వ ఉంటుంది. నేను వీగన్ కాకముందు దాచుకున్నదే అన్నాళ్లూ ఖర్చవుతూ వచ్చింది.

మూడో ఏడు నుంచి అరికాళ్లలో తిమ్మిర్లు మొదలయ్యాయి. చీకట్లో నడుస్తుంటే తూలేదాన్ని. బాగా తెలిసినవాళ్ల పేర్లు కూడా గుర్తొచ్చేవి కావు. పరీక్ష చేయిస్తే హిమోగ్లోబిన్ బాగానే ఉంది, దాంతో ఇంకో నాలుగు నెలలు ఊరుకున్నాను. ఆకుకూరలు, పప్పుల వల్ల ఫోలేట్ (ఇదీ ఒక బీ విటమినే) దండిగా అందేవాళ్లలో బీ12 తగ్గినా రక్తహీనత బయటపడకపోవచ్చు. నరాలు మాత్రం పాడవుతూనే ఉంటాయి. ఇది డాక్టర్ చెప్పేదాకా నాకు తెలియదు. ఇంజెక్షన్లతో చాలావరకు తగ్గింది, ఎడమ కాలి వేళ్ల మొద్దుతనం మాత్రం ఇంకా పూర్తిగా పోలేదు.

పెద్దవాళ్లకు కావలసింది రోజుకు సుమారు 2.4 మైక్రోగ్రాములే. కానీ దాన్ని తయారుచేసేవి బ్యాక్టీరియా లాంటి సూక్ష్మజీవులే, మొక్కలు కావు. స్పైరులీనాలో ఉంటుందని నేనూ నమ్మి తాగాను. అందులో ఉన్నది చాలావరకు బీ12ను పోలిన, మన ఒంటికి పనికిరాని పదార్థం. టాబ్లెట్లలోని బీ12 కూడా బ్యాక్టీరియాతోనే తయారవుతుంది కాబట్టి వీగన్ నియమానికి అడ్డేమీ రాదు. క్యాప్సూల్ అయితే జంతువుల నుంచి తీసే జెలటిన్ ఉందేమో చూసుకోండి.

ఐరన్ కోసం పప్పులతో పాటు విటమిన్ సి ఉన్నవి తినండి, టీ కాఫీలు భోజనానికి దూరంగా తాగండి. పాలకూరలో కాల్షియం ఉన్నా దాన్ని పట్టి ఉంచే ఆక్సలేట్ల వల్ల ఒంటికి పట్టేది చాలా తక్కువ. ఒమేగా-3కి అవిసె గింజలు పొడి చేసి తింటాను, కానీ అందులోంచి మెదడుకు, కళ్లకు కావలసిన డీహెచ్ఏ అనే ఒమేగా-3 రకంగా మారేది కొంచెమే. ఎండ తగలకపోతే విటమిన్ డీ ఎవరికైనా తగ్గుతుంది. అయోడిన్ ఉప్పులో వస్తుంది, నిజానికి అదీ బయటినుంచి కలిపినదే కదా.

ఇప్పుడు వారానికి రెండుసార్లు 1000 మైక్రోగ్రాముల బీ12 టాబ్లెట్ వేసుకుంటున్నాను. ఇప్పటికీ వీగన్‌నే. మీరు మొదలుపెట్టి ఏడాది దాటి ఉంటే ఒక్క హిమోగ్లోబిన్‌తో సరిపెట్టుకోకుండా బీ12, వీలైతే ఎంఎంఏ (బీ12 తగ్గితే రక్తంలో పెరిగే పదార్థం) పరీక్ష కూడా చేయించుకోండి. గర్భిణి అయినా, బిడ్డకు పాలిస్తున్నా టాబ్లెట్ మానే ప్రయోగం దయచేసి చేయకండి. పసిబిడ్డలకు పెద్దవాళ్లలా ఏళ్ల తరబడి సరిపోయే నిల్వ ఉండదు.