పాత ప్లేటును పారేయనివ్వకు

కడప.

చిరంజీవి మేనల్లుడికి మామ ఆశీర్వదించి వ్రాయునది.

నీ పాత జీపుకు కొత్త క్లచ్ వేయించి ఐదు నెలలు తిరగకముందే అది మళ్లీ జారుతోందనీ (ఇంజను తిరిగినా ఆ బలం చక్రాలకు పూర్తిగా అందడం లేదనీ), పడింది డూప్లికేట్ క్లచ్ ప్లేటు కాబట్టి ఈసారి కంపెనీదే వేద్దామని మెకానిక్ అంటున్నాడనీ రాశావు. ఆయన మాట నిజమే కావచ్చు. అయితే గేర్‌బాక్సు దించి పాత ప్లేటును చూడకముందే చెప్పిన మాట కనుక నేను దాన్ని ఇంకా లెక్కలోకి తీసుకోను.

ముందుగా క్లచ్ నిజంగా జారుతోందో లేదో తేల్చుకో. చదునైన చోట ముందు ఎవరూ లేకుండా చూసి, హ్యాండ్ బ్రేకు గట్టిగా లాగి, మూడో గేరు వేసి క్లచ్ పెడల్‌ను మెల్లగా వదులు. ఇంజను ఆగిపోతే క్లచ్ పట్టు ఉన్నట్టు, ఆగకుండా తిరుగుతూనే ఉంటే జారుతున్నట్టు. ఒక్కసారి చూస్తే చాలు. ఊరికే చేస్తూ పోతే ప్లేటుకు పట్టునిచ్చే పైపొర, అంటే లైనింగు, మిగిలింది కూడా కాలిపోతుంది.

నాకీ పట్టుదల ఎందుకో చెబుతాను. వ్యానులో కడప బండలు వేసుకుని రాయచోటికి తిరిగే రోజుల్లో, ఒక దుకాణంలో చవకగా దొరికిందని ఒక ప్లేటు వేయించాను. నాలుగు నెలలకు గువ్వలచెరువు ఘాటు ఎక్కుతుండగా కింద టక్కుమని శబ్దం వచ్చి బండి అక్కడే నిలిచిపోయింది. (లాగే బండి వచ్చేదాకా పాలకోవా తింటూ కూర్చున్నాను, ఆ రోజు జరిగిన మంచి అదొక్కటే.) షెడ్డులో విప్పితే ప్లేటు మధ్యలోని స్ప్రింగులు ఊడి ముక్కలై దొర్లాయి, లైనింగు మాత్రం సగానికి పైగా మిగిలే ఉంది. అది కచ్చితంగా సామాను తప్పే. బుద్ధి తెచ్చుకుని రెండోసారి బిల్లుతో మంచి సెట్టు కొన్నాను. ఆరు నెలలకు అదీ జారింది. ఈసారి విప్పితే లైనింగు నల్లగా, తడిగా, ఇంజన్ ఆయిలు వాసనతో ఉంది. ఇంజను క్రాంకు షాఫ్టు వెనుక, ఆయిలు బయటికి రాకుండా ఆపే సీలు కారుతుంటే ప్లేటు ఎంత మంచిదైతే ఏం లాభం? గేర్‌బాక్సు దించినప్పుడే మార్చి ఉంటే, ఆ సీలుకయ్యే ఖర్చు సెట్టు ధర ముందు లెక్కలోకి వచ్చేది కాదు.

అందువల్ల విప్పే రోజు నీవు దగ్గరే ఉండు. లైనింగు రివెట్ల దాకా సమంగా అరిగి, ప్లేటు ఆనుకునే ఇంజను చక్రం, అంటే ఫ్లైవీలు మీద నీలి మచ్చలు కనిపిస్తే అది చాలాకాలంగా జారుతూ వేడెక్కినట్టు. పెడల్‌కు ప్లే (నొక్కగానే ఉండాల్సిన కాస్త వదులు) లేకపోవడమో, కాలు ఎప్పుడూ పెడల్ మీదే ఉండడమో, ఎత్తులో బ్రేకుకు బదులు హాఫ్ క్లచ్ మీద, అంటే పెడల్ సగం తొక్కి బండిని నిలపడమో కారణం. తడి ఉంటే సీలు చూడాలి. ఆయిలు గానీ కాలిన గుర్తు గానీ లేకుండా లైనింగు పెళ్లలుగా ఊడితేనో, నా మొదటి ప్లేటులా స్ప్రింగులు ఊడితేనో సామాను మీద అనుమానపడు.

కొనేటప్పుడు ప్లేటు, దాన్ని నొక్కిపట్టే ప్రెజర్ ప్లేటు, పెడల్ తొక్కినప్పుడు ఆ పట్టు వదిలించే రిలీజ్ బేరింగు మూడూ కలిపి తీసుకో. పాత ప్లేటుకు లైనింగు మాత్రం మార్చి అమ్మేదాన్ని ముట్టుకోవద్దు, ఎందుకంటే దాని స్ప్రింగులూ మధ్య పళ్లూ పాతవే. పెట్టె మీద తయారీదారు చిరునామా, తయారైన నెల, సంవత్సరం, గరిష్ఠ ధర ఉండాలని ప్యాక్ చేసిన సరుకులకు వర్తించే 2011 నాటి నిబంధనలు చెబుతున్నాయి. అయితే నకిలీ చేసేవాడు పెట్టెను కూడా బాగానే అచ్చు వేయగలడు. కాబట్టి ప్లేటును చేతిలోకి తీసుకుని చూడు: రివెట్లన్నీ ఒకే లోతులో ఉండాలి, లైనింగు అంచు గోటితో గీరితే రాలకూడదు, ఊపితే స్ప్రింగులు గలగలలాడకూడదు. బిగించే ముందు గేర్‌బాక్సు షాఫ్టు మీద వేసి చూస్తే అది చేత్తోనే సాఫీగా జారాలి.

బిగించేటప్పుడు జరిగే రెండు పొరపాట్లు మంచి ప్లేటును కూడా పాడు చేస్తాయి. ఒకటి, కొత్త రిలీజ్ బేరింగును కిరోసిన్‌లో ముంచి కడగడం. లోపలి గ్రీజు కరిగిపోతుంది. రెండోది, గేర్‌బాక్సు ఎక్కిస్తూ దాని బరువంతా ప్లేటు మధ్య వేలాడనివ్వడం. ప్లేటు వంగితే గేర్లు మొరాయిస్తాయి. ఫ్లైవీలుకు మచ్చలుంటే లేత్ మీద ఫేసింగ్ చేయించు, అంటే పైభాగాన్ని చదును చేయించు.

సామానుదే తప్పని తేలితే, పార్టు నంబరు రాసిన జీఎస్టీ బిల్లును, పాడైన ప్లేటును దాచిపెట్టు. దుకాణంవారు మాట వినకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ నంబరు 1915కు ఫోన్ చేయవచ్చు. జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లాలంటే రెండేళ్లలోపు ఫిర్యాదు ఇవ్వాలి.

గేర్‌బాక్సు దించే రోజు రెండు రోజుల ముందే తెలియజేయి. బస్సెక్కి వస్తాను. అంతవరకు ఆ బండితో ఘాటు ఎక్కవద్దు.

నీ మేనమామ