జోకర్‌ని పక్కన పెట్టు

నాయనా,

నీ బ్యాట్‌మాన్ రీబూట్ ట్రీట్‌మెంట్, అదే సీన్లవారీగా రాసిన సినిమా కథ, అందింది. భాష బాగుంది, సీన్లు చకచకా నడిచాయి. కానీ విలన్ వచ్చే చోట "జోకర్ అందరికీ తెలిసినవాడే కాబట్టి ఇంట్రడక్షన్ సీన్ అక్కర్లేదు" అని రాశావు చూడు, అక్కడ నాకు ఒళ్లు మండింది. ఆ మంట చల్లారకముందే రాద్దామని కూర్చున్నాను. పేజీ తిప్పితే బేన్, ఇంకాస్త ముందుకెళ్తే రిడ్లర్. ఈ ముగ్గురినే ఎందుకు తీసుకున్నావో కథలో ఎక్కడా లేదు. నీ ఉత్తరంలో మాత్రం "ఆడియన్స్‌కి బాగా కనెక్ట్ అయిన విలన్లు" అన్నావు.

కనెక్ట్ అయింది పాత సినిమాల్లో. నువ్వు రాస్తున్నది కొత్తది. రీబూట్ అంటేనే హీరోని ప్రేక్షకుడికి మళ్లీ మొదటినుంచి పరిచయం చేయడం. హీరోని కొత్తవాడిగా చూపిస్తూ విలన్‌ని మాత్రం పాత సినిమాల నుంచి అరువు తెచ్చుకుంటే, వాడు తెరమీదకు రాగానే జనం ఈలలు వేస్తారు, ఆ తర్వాత వాడికి నీ కథలో పనేమీ ఉండదు.

నేను కూర్చున్న ప్రతి స్టోరీ డిస్కషన్‌లోనూ ఒకే మాట చెబుతూ వచ్చాను. నీకూ అదే చెబుతున్నాను. హీరో ఎవరికి బాకీ పడ్డాడో వెతుకు. ఆ బాకీ వసూలు చేసుకోవడానికి వచ్చేవాడే నీ విలన్. డబ్బు బాకీ అనుకునేవు. ఇచ్చి తప్పిన మాట కావచ్చు, తీసుకుని మరిచిపోయిన సాయం కావచ్చు, తండ్రి చేసిన పాపం కావచ్చు, ఒకరిని కాపాడబోయి ఇంకొకరిని వదిలేయడం కావచ్చు. హీరో గుండెల్లో అలాంటిది ఏదో ఒకటి ఉండి తీరుతుంది. దానితో సంబంధం లేని విలన్‌కి ఎంత పేరున్నా ఫైట్‌కి తప్ప ఎందుకూ పనికిరాడు.

1997లో 'బ్యాట్‌మాన్ అండ్ రాబిన్' వచ్చింది. మిస్టర్ ఫ్రీజ్, పాయిజన్ ఐవీ, బేన్, నీలాగే ముగ్గురు. ఆ సినిమా తర్వాత బ్యాట్‌మాన్ సొంత సినిమాతో మళ్లీ రావడానికి ఎనిమిదేళ్లు పట్టింది. 2005లో క్రిస్టోఫర్ నోలన్ 'బ్యాట్‌మాన్ బిగిన్స్' తీసేటప్పుడు జోకర్‌ని తీసుకుని ఉంటే వద్దనేవాడెవడు? తీసుకోలేదు. రాస్ అల్ ఘుల్‌ని, స్కేర్‌క్రోని పెట్టుకున్నాడు. కామిక్స్ చదవని మామూలు ప్రేక్షకుడికి ఆ పేర్లు పెద్దగా తెలియవు కూడా. మరి వాళ్లే ఎందుకు? బ్యాట్‌మాన్ అసలు పేరు బ్రూస్ వేన్. ఆ కథలో బ్రూస్ చిన్నప్పుడు బావిలో పడి గబ్బిలాలను చూసి హడలిపోతాడు. పెద్దయ్యాక ఆ భయాన్నే ముసుగుగా తొడుక్కుంటాడు. కాబట్టి అవతలి వైపు భయాన్ని గ్యాస్‌గా మార్చి జనం మీదకు వదిలే డాక్టర్ స్కేర్‌క్రో ఉన్నాడు. ఇక రాస్ అల్ ఘుల్ గురువు. విద్యలన్నీ నేర్పి, ఆఖరున ఒక ఖైదీ తల నరకమంటాడు. అది గురుదక్షిణ. శిష్యుడు ఇవ్వనంటాడు. ఎగ్గొట్టిన ఆ గురుదక్షిణ కోసం గురువు బ్యాట్‌మాన్ ఊరు గోథమ్ దాకా వస్తాడు. నేను బాకీ అంటున్నది దీన్నే.

అదే సినిమా చివరి సీన్ మళ్లీ చూడు. పోలీసు గోర్డన్ మేడమీద నిలబడి, మేం తుపాకీ పెంచితే వాళ్లూ పెంచుతారు, నువ్వేమో ముసుగేసుకుని మేడల మీంచి దూకుతున్నావు అంటాడు. అని, ఒక పేకముక్క చేతిలో పెడతాడు. జోకర్ ముక్క. అంటే బ్యాట్‌మాన్ ఆ ఊళ్లో కొన్నాళ్లు తిరిగాకే జోకర్‌కి వచ్చే హక్కు పుట్టింది. 2008లో వచ్చిన తర్వాతి భాగంలో హీత్ లెడ్జర్ వేసిన జోకర్‌కి గతం లేదు, అసలు పేరు లేదు, మొహం మీద గాట్లు ఎలా పడ్డాయో చెప్పే కథ కూడా మనిషికో రకంగా మారుతుంది. అయినా ఆ పాత్ర అంతలా నిలబడింది, నటుడికి చనిపోయాక ఆస్కార్ కూడా వచ్చింది. దానికి కింద పునాదిగా ముందు సినిమా మొత్తం ఉంది. నువ్వు ఆ పునాది లేకుండా మేడ మాత్రమే పైకి లేపాలని చూస్తున్నావు.

మరి 1989లో టిమ్ బర్టన్ మొదటి సినిమాలోనే జోకర్‌ని పెట్టాడు కదా అని అడుగుతావు. పెట్టాడు. కానీ బాకీ రెండు వైపులా రాసి పెట్టాడు. ఆ సినిమాలో బ్రూస్ తల్లిదండ్రులను చంపింది కుర్రతనంలో ఉన్న ఆ జోకరే. ఆ మనిషి జోకర్‌గా మారింది బ్యాట్‌మాన్ చేతిలోంచి జారి రసాయనాల తొట్టిలో పడి. నన్ను తయారుచేసింది నువ్వంటే నువ్వని ఇద్దరూ చివర్లో వాదించుకుంటారు. నీ ట్రీట్‌మెంట్‌లో బ్రూస్‌కీ జోకర్‌కీ మధ్య ఏముంది? బాంబులున్నాయి.

ఈ లెక్క హాలీవుడ్ వాళ్లు కనిపెట్టింది కాదు. దశావతారాలను కథారచయితగా చూడు. హీరో ఒకడే, ప్రతిసారీ కొత్త రూపం, కొత్త మొదలు. మరి విలన్లు? హిరణ్యాక్ష హిరణ్యకశిపులు, రావణ కుంభకర్ణులు, శిశుపాల దంతవక్త్రులు. మూడు జన్మల్లోనూ వాళ్లు జయవిజయులే, ఆయన వాకిలి కాసినవాళ్లే. ఆయన కొలువులో ఉండగానే శాపం తగిలింది, కాబట్టి వాళ్లను వెనక్కి తెచ్చుకునే బాధ్యత ఆయనదే. పైగా ఆ అవతారాల్లో కొన్నిటికి ఆకారం ఇచ్చింది విలనే. మనిషి చేతా మృగం చేతా చావు రాకూడదని హిరణ్యకశిపుడు వరం అడిగాడు గనకే నరసింహుడు అలా వచ్చాడు. మనుషులు ఒక లెక్కా అని రావణుడు వదిలేశాడు గనకే రాముడు మనిషిగా పుట్టాల్సి వచ్చింది. మనకు అమ్మమ్మలు చెప్పిన కథల్లో ఇంత స్క్రీన్‌ప్లే ఉంటే, నువ్వు విలన్ కోసం పాపులారిటీ లిస్టు వెతకడం నాకు బాధగా ఉంది.

నలుగురు సూపర్‌హీరోల కథ ఫెంటాస్టిక్ ఫోర్ సంగతి చూడు. కామిక్స్‌లో డాక్టర్ డూమ్ గొప్ప విలన్. కాలేజీలో ఉండగా నీ లెక్కలో తప్పుందని ఆ నలుగురిలో ఒకడైన రీడ్ రిచర్డ్స్ చెబితే అహంకారంతో వినడు, యంత్రం పేలి మొహం పోతుంది, జీవితాంతం రీడ్ మీద పగబడతాడు. లాట్వేరియా అనే దేశానికి పాలకుడు. 2005లోనూ 2015లోనూ వచ్చిన రెండు సినిమాల్లో ఇతన్ని హీరోలతో పాటే ఒక ప్రమాదంలో పడేసి శక్తులిచ్చి పంపారు. ఆ తప్పు లెక్క లేదు, ఆ గర్వం లేదు, పేరు మాత్రం మిగిలింది. 2025లో మళ్లీ మొదలుపెట్టినప్పుడు డూమ్‌ని విలన్‌గా పెట్టకుండా గెలాక్టస్‌ని తెచ్చారు. గ్రహాలను మింగే ఆ రాక్షసుడు అడిగింది ఏమిటి? మీ బిడ్డనివ్వండి, భూమిని వదిలేస్తాను అన్నాడు. ఆ నలుగురూ ఒక కుటుంబం కాబట్టి ఆ ప్రశ్న వాళ్లకే తగులుతుంది. అదే గెలాక్టస్‌ని బ్యాట్‌మాన్ ముందు నిలబెడితే అడగడానికేమీ ఉండదు.

స్పైడర్‌మాన్ వాళ్లు ఈ పాఠం కష్టపడి నేర్చుకున్నారు. 2007లో మూడో భాగంలో విలన్లు కిక్కిరిసిపోయారు. వాళ్లలో వెనమ్ అనేవాడి మీద దర్శకుడు సామ్ రైమీకి మనసు లేదు, అభిమానులు అడుగుతున్నారని నిర్మాత ఒప్పించాడు. 2012 రీబూట్‌లో లిజార్డ్‌ని, అంటే బల్లిగా మారే ఒక డాక్టర్‌ని తెచ్చారు. ఎంపిక మంచిదే. స్పైడర్‌మాన్ అసలు పేరు పీటర్. ఆ డాక్టర్ పీటర్ తండ్రితో కలిసి పనిచేసినవాడు, అతను వెతుకుతున్న సూత్రాన్ని చేతికిచ్చింది పీటరే. బాకీ రాసి పెట్టారు గానీ వసూలుకి వచ్చేసరికి ఊరందరినీ బల్లులుగా మారుస్తానని విలన్ ఇంకో దారి పట్టాడు. అప్పుడు పీటర్‌తో వాడికి పనేముంది?

2017 'హోమ్‌కమింగ్' కారు సీన్ మాత్రం కాగితం మీద రాసుకుంటూ చూడు. డ్యాన్స్‌కి తీసుకెళ్దామని పీటర్ అమ్మాయి ఇంటి తలుపు కొడితే, తలుపు తీసేది ఆ సినిమా విలన్ వల్చర్. ఆ అమ్మాయి తండ్రి. ఆయనే కారు నడుపుతుంటాడు, కుర్రాడు వెనక సీట్లో. కూతురు ముందు సీట్లో కూర్చుని ఏవో కబుర్లు చెబుతూ ఉంటుంది, పీటర్ ఎప్పుడెప్పుడు మాయమయ్యాడో మాటల్లో దొర్లుతుంది. అద్దంలో తండ్రి కళ్లు చూడు. సిగ్నల్ దగ్గర కారు ఆగుతుంది, ఆయనకు అర్థమవుతుంది, ఎర్ర లైటు పోయి ఆకుపచ్చ వెలుగు మొహం మీద పడుతుంది. కూతుర్ని లోపలికి పంపి, నా బిడ్డ ప్రాణం కాపాడావు కాబట్టి ఒక్క అవకాశం ఇస్తున్నాను, నా దారికి అడ్డు రాకు అంటాడు. విలన్ బాకీ తీర్చుకుంటున్నాడు నాయనా! అక్కడ ఒక్క దెబ్బ పడలేదు, ఒక్క అద్దం పగల్లేదు. అంత టెన్షన్ ఆ సినిమాలో ఇంకే ఫైట్‌లోనూ లేదు.

ఇది చెబుతుంటే నా పాత గాయం ఒకటి కెలికినట్టయింది. నేను టైటిల్స్‌లో పేరు లేకుండా పనిచేసే రోజుల్లో ఒక ముసుగు హీరో కథ మీద కూర్చున్నాను. హీరో తండ్రి ఫ్యాక్టరీలో ప్రమాదం జరిగితే, నేరం తన మీద వేసుకుని జైలుకెళ్లిన ఫోర్‌మన్‌ని విలన్‌గా రాశాను. శిక్ష పూర్తయి వచ్చి, ఫ్యాక్టరీ గేటు దగ్గర చొక్కా జేబులోంచి అరిగిపోయిన ఐడీ కార్డు తీసి సెక్యూరిటీకి చూపిస్తాడు. ఆ కార్డు మీద ఉన్న కంపెనీ పేరు ఇప్పుడు లేదు, మార్చేశారు. నెరేషన్‌లో అందరూ నిశ్శబ్దంగా విన్నారు. నిర్మాత మాత్రం "విలన్‌ని చూస్తే జాలేస్తోందండీ, ఇదెలా?" అన్నాడు. వారం తిరక్కుండా వేరే భాష నుంచి పెద్ద నటుడి డేట్స్ దొరికాయి, ఫోర్‌మన్ పోయి హెలికాప్టర్లో దిగే డాన్ వచ్చాడు. కథకి విలన్ కావాలా, డేట్స్‌కి విలన్ కావాలా అని అడిగాను. ఆ తర్వాత ఆ ఆఫీసు నుంచి నాకు పిలుపు రాలేదు. ఆ కోపం నాకు ఇప్పటికీ పోలేదు.

ఇప్పుడు ఫ్యాషన్ ఇంకో వైపు తిరిగింది. ప్రతి విలన్‌కీ ఒక ఏడుపు ఫ్లాష్‌బ్యాక్. చిన్నప్పుడు కొట్టారు, అమ్మ పోయింది, ఎవరూ ప్రేమించలేదు. నీ బేన్‌కి కూడా అలాంటిదొకటి అంటించావు. జాలి వేరు, బాకీ వేరు. జాలి విలన్‌కీ ప్రేక్షకుడికీ మధ్య ఉంటుంది. బాకీ విలన్‌కీ హీరోకీ మధ్య ఉంటుంది. 2022 'ది బ్యాట్‌మాన్'లో రిడ్లర్ అనాథాశ్రమంలో పెరిగాడని చూపించి ఊరుకుంటే అది జాలి. ఆ ఆశ్రమానికి బ్రూస్ తండ్రి మాటిచ్చిన నిధి వేరేవాళ్ల జేబుల్లోకి పోయిందని చెప్పడంతో అది బ్రూస్ మెడకు చుట్టుకుంది. చివర్లో రిడ్లర్ అనుచరుడి ముసుగు లాగి ఎవడివిరా అంటే, సినిమా మొదట్లో బ్యాట్‌మాన్ తన గురించి చెప్పుకున్న మాటే వాడూ చెబుతాడు, నేను ప్రతీకారాన్ని అని. ఆ క్షణంలో హీరో మొహం చూశావా?

సరే, నీ కథలో నన్ను పట్టుకున్న చోటికి వస్తాను. వేన్ ఫౌండేషన్ స్కాలర్‌షిప్ కౌంటర్ సీన్. లా చదవాలనుకునే అమ్మాయి ఫారం నింపుతూ తండ్రి పేరు దగ్గర ఆగుతుంది. మొదటి అక్షరం రాసి కొట్టేస్తుంది. అటుగా పోతున్న బ్రూస్ చూసి, ఖాళీగా వదిలేసినా పర్లేదమ్మా అంటాడు. ఆమె జో చిల్ కూతురని మనకు మాత్రమే తెలుస్తుంది. బ్రూస్ తల్లిదండ్రులను కాల్చినవాడి కూతురు. చదివి నేను పేజీ తిప్పలేకపోయాను. నువ్వేమో ఆమెను అక్కడే వదిలేసి జోకర్ బాంబుల దగ్గరికి పరిగెత్తావు. ఆ తర్వాత ఆమె మళ్లీ కనిపించదు!

నీ విలన్ ఆ అమ్మాయే. 1948లో వచ్చిన కామిక్ కథలో బ్యాట్‌మాన్ జో చిల్ ముందు ముసుగు తీసి తానెవరో చెబుతాడు. వాడు హడలిపోయి ముఠా దగ్గరికి పరిగెత్తి, బ్యాట్‌మాన్ పుట్టింది నా వల్లేనని చెబుతాడు. ఆ కోపంతో ముఠావాళ్లే వాణ్ని కాల్చేస్తారు. బ్రూస్ పేరు మాత్రం బయటపడదు. అంటే బ్యాట్‌మాన్ ముసుగు తీయబట్టి ఆ మనిషి చచ్చాడు. నువ్వు ఆ మనిషికి కూతుర్నిచ్చావు. ఇక చూడు, బ్రూస్‌కి ఆమె తండ్రి ఒక తండ్రి బాకీ, ఆమెకు బ్రూస్ ఒక తండ్రి బాకీ. ఆమె చదువుకు డబ్బు కట్టింది కూడా బ్రూసే. లాయరైన అమ్మాయి, తండ్రి చనిపోయిన రోజు ఏం జరిగిందో కేసు ఫైళ్లు తిరగేస్తూ ఆ ముసుగు దాకా వస్తుంది. ఆమె చేతికి తుపాకీ ఇవ్వకు. ఆమె అడిగేవన్నీ న్యాయమైనవే అయి ఉండాలి, అయినా ఆమె గెలిస్తే ఊరికి నష్టం జరగాలి. ఆ ముడి వేయడమే కష్టం. అక్కడ కూర్చో.

కొత్త విలన్‌కి మార్కెట్ ఉండదని నీతో ఎవరైనా అంటే, వల్చర్ మీద అంతకుముందు ఎవరు టికెట్లు కొన్నారో అడుగు.

నీ మిగతా ప్రశ్నలు, డైలాగులు ఏ భాషలో రాయాలి, ఎవరికి చూపించాలి, రిజిస్ట్రేషన్ ఎలా, ఇప్పుడు వద్దు. బేన్‌నీ రిడ్లర్‌నీ కూడా ఈ సినిమాలోంచి తీసెయ్. ఇంటర్వెల్ దాకా మళ్లీ రాసి పంపు. ఆ అమ్మాయి ఎదురుపడి మా నాన్నకు నువ్వేం చెప్పావని అడిగినప్పుడు బ్రూస్ ఏం జవాబిస్తాడో ఫోన్‌లో మాత్రం చెప్పకు. సీన్‌లోనే చదువుతాను.

ఆశీస్సులతో,
మీ మాస్టారు