వేటకి ముందు గురి: మీ ప్రశ్నలు, మా షూటింగ్ మాస్టారి జవాబులు

ప్ర: సార్, మాది కూకట్‌పల్లి. మా బావమరిది టెక్సస్‌లో డాలస్ దగ్గర ఉంటాడు. ఈసారి నవంబర్‌లో మేం వెళ్తున్నాం, వాళ్ళ ఆఫీసులో ఒకాయనకి పెద్ద రాంచ్ ఉందట, జింక వేటకి రమ్మంటున్నాడు. నేను ఎన్‌సీసీలో .22 రైఫిల్ కాల్చినవాణ్ణే తప్ప తర్వాత తుపాకీ ముట్టింది లేదు. హైదరాబాద్‌లో ఉండి ఏం ప్రాక్టీస్ చేయాలి? అక్కడికెళ్ళి పరువు పోకూడదు కదా.

జ: పరువు సంగతి తర్వాత చూద్దాం, ముందు వీసా సంగతి చెప్పండి. మీరు విజిటర్ వీసా మీద వెళ్తున్నారనుకుంటా. అమెరికా ఫెడరల్ చట్టం ప్రకారం నాన్ ఇమ్మిగ్రెంట్ వీసా మీద ఉన్నవాళ్ళు తుపాకీ గానీ తూటా గానీ చేత్తో పట్టుకోవడమే నేరం, బావమరిది తుపాకీ అయినా సరే, ఒక్క నిమిషం అయినా సరే. దీనికి కొన్ని మినహాయింపులున్నాయి, మీకు పనికొచ్చేది ఏంటంటే అక్కడి ఏదో ఒక రాష్ట్రం ఇచ్చిన హంటింగ్ లైసెన్స్ మీ పేరు మీద, గడువు దాటకుండా ఉండాలి. హెచ్1బీ పిల్లలకీ ఇదే రూలు, చాలామందికి తెలీదు, వీకెండ్ రేంజ్‌కి వెళ్ళి ఫోటోలు దిగి ఇన్‌స్టాలో పెడుతుంటారు. కాబట్టి ముందు లైసెన్స్, ఆ తర్వాతే రేంజ్. టెక్సస్‌లో 1971 సెప్టెంబర్ 2న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్ళు హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు కూడా చేయాలి, పెద్దవాళ్ళు ఆన్‌లైన్‌లో చేసుకోవచ్చు, ఇక్కణ్ణించే మొదలుపెట్టండి. వైట్‌టెయిల్ (తెల్లతోక) జింకకి రైఫిల్ సీజన్ అక్కడ నవంబర్ మొదటి శనివారం మొదలవుతుంది.

ఇక ప్రాక్టీస్. మన దగ్గర ఎయిర్ రైఫిల్‌తో చేయగలిగిందే చాలా ఉంది, నిజానికి చెడు అలవాట్లు లేకుండా నేర్చుకోవాలంటే అదే మంచిది, చప్పుడు లేదు, భుజానికి దెబ్బ లేదు, ఖర్చు తక్కువ. సెంట్రల్ యూనివర్సిటీ దగ్గరున్న రాష్ట్ర క్రీడా సంస్థ షూటింగ్ రేంజ్ అడగండి, సిటీలో ప్రైవేట్ అకాడమీలు కూడా ఉన్నాయి. 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ టార్గెట్‌లో పదో రింగ్ అంటే అర మిల్లీమీటర్ చుక్క, మన గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్స్‌లో కాంస్యం కొట్టింది ఆ ఈవెంట్‌లోనే. మీరు ఆ చుక్క కొట్టక్కర్లేదు గానీ దాన్ని కొట్టే ప్రయత్నంలో చెయ్యి, ఊపిరి, వేలు మూడూ దారికొస్తాయి.

ఊపిరి అంటే గాలి బిగబట్టడం కాదండీ. మామూలుగా పీల్చి మామూలుగా వదిలితే మళ్ళీ పీల్చే ముందు రెండు మూడు సెకన్లు ఒంట్లో కదలిక ఆగిపోతుంది చూడండి, ట్రిగ్గర్ అప్పుడు నొక్కాలి. అప్పటికి కుదరకపోతే దించేసి మళ్ళీ మొదటినుంచి, ఊపిరాడక కళ్ళు మసకబారేదాకా పట్టుకుని కూర్చోవద్దు. ట్రిగ్గర్ వేలి చివరి కండతో తిన్నగా వెనక్కి, ఎప్పుడు పేలుతుందో మీకే కచ్చితంగా తెలీనంత మెల్లగా. పేలాక కూడా వేలు అక్కడే, చెంప అక్కడే, ఒక క్షణం అలాగే చూస్తూ ఉండాలి. మనవాళ్ళు ఎక్కువమంది ఇక్కడే చెడగొడతారు, ఎక్కడ తగిలిందో చూద్దామని తల ఎత్తేస్తారు.

అక్కడికి చేరాక, వేటకి కనీసం వారం ముందు వాళ్ళ రైఫిల్‌తో, వేటలో వాడబోయే తూటాతోనే జీరో చేసుకోండి, అంటే గురి పెట్టిన చోటే గుండు పడేలా స్కోప్ సరిచేసుకోండి. తూటాల పెట్టె మారితే తగిలే చోటూ మారొచ్చు, అదే బరువు తూటా అయినా సరే. నేరుగా 100 గజాల్లో మొదలుపెడితే కాగితం మీదే పడకపోవచ్చు, అందుకే ముందు 25 గజాల్లో చూసుకుని అప్పుడు 100కి వెళ్ళండి. మామూలుగా వేట స్కోప్‌కి (రైఫిల్ మీది దుర్బీన్‌కి) తిప్పే ఒక్కో క్లిక్ 100 గజాల దగ్గర గురిని పావు అంగుళం జరుపుతుంది, 25 గజాల దగ్గర మాత్రం అందులో నాలుగో వంతే, అంటే అక్కడ ఒక్క అంగుళం జరపాలంటే 16 క్లిక్కులు, ఇది మర్చిపోయి నాలుగు క్లిక్కులు తిప్పి స్కోప్ పాడైందని తిట్టుకునేవాళ్ళు ఉన్నారు. ఒక్క గుండు చూసి స్కోప్ తిప్పొద్దు, మూడు కాల్చి ఆ మూడింటి మధ్య చూసుకుని తిప్పాలి. మధ్యలో గొట్టం చల్లారనివ్వాలి.

బెంచ్ మీద ఇసుక సంచులు పెట్టుకుని మూడు గుళ్ళూ ఒకే చోట పడ్డాయంటే తుపాకీ బాగుందని అర్థం, అంతే, మీరు బాగా కాలుస్తున్నారని కాదు. అడవిలో బెంచ్ ఎవడు పెడతాడు? అందుకే జీరో అయిపోయిన వెంటనే బెంచ్ వదిలేసి కింద కూర్చుని, మోకాలి మీద, షూటింగ్ స్టిక్స్ (తుపాకీ ఆనించే కర్రలు) మీద కాల్చండి. టార్గెట్‌కి ఎనిమిది అంగుళాల పేపర్ ప్లేట్ పెట్టండి, జింక గుండె ఊపిరితిత్తులు ఉండే చోటు సుమారు అంతే. నుంచుని ఊరికే కాల్చడం ఆఖరి గతి, దాన్ని నేర్చుకోండి గానీ నమ్ముకోవద్దు.

ఇంకోటి, రోజులో మీరు కాల్చే మొదటి గుండే లెక్క. వేటలో గొట్టం చల్లగా ఉంటుంది, చేతులు చల్లగా ఉంటాయి, వామప్ ఉండదు. అందుకని ప్రతిరోజూ రేంజ్‌లో మొదటి గుండు ఎక్కడ పడిందో విడిగా రాసుకోండి. ఆ మొదటి గుండు ప్రతిసారీ ప్లేట్‌లో పడే దూరం ఎంతో అదే మీ దూరం, 80 గజాలైతే 80, సిగ్గుపడక్కర్లేదు. పక్కవాడు 300 గజాల్లో కొట్టా అంటాడు, అననివ్వండి.

ప్ర: అన్నా, నాది పోయినేడు ఓక్లహోమాల మొదటి వేట, ఫ్రెండ్ .300 మాగ్నమ్ అనే పెద్ద రైఫిల్ ఇచ్చిండు. రేంజ్ల రెండు కాల్చినంక నుంచి ట్రిగ్గర్ నొక్కంగనే కళ్ళు మూసుకుంటున్న, గుండ్లన్నీ కిందకి పోతున్నయ్. మల్ల సీజన్ వస్తుంది, ఏం చేయాలె?

జ: తప్పు నీది కాదు తమ్ముడూ, మొదటిసారికే మాగ్నమ్ చేతిలో పెట్టిన నీ ఫ్రెండ్‌ది. భుజం దెబ్బకి, చప్పుడుకి ఒళ్ళు ముందే బిగుసుకుంటుంది, దాన్నే ఫ్లించ్ అంటారు, గట్టిగా అనుకుంటే పోయేది కాదది. ముందు ఆ తుపాకీ తిరిగిచ్చేసెయ్. తెల్లతోక జింకకి .243 గానీ 6.5 క్రీడ్‌మోర్ గానీ సైజు రైఫిల్ శుభ్రంగా సరిపోతుంది, దెబ్బ చాలా తక్కువ. చెవులకి లోపల ప్లగ్, పైన మఫ్ రెండూ పెట్టు, వేట రైఫిల్ చప్పుడు 150 డెసిబెల్స్ దాటుతుంది, మనిషి ఉలిక్కిపడేది సగం ఆ చప్పుడుకే.

తర్వాత ఒక ఫ్రెండ్‌ని పక్కన కూర్చోబెట్టుకుని, నువ్వు చూడకుండా ఒకసారి నిజం తూటా, ఒకసారి డమ్మీ (పేలని తూటా), వాడిష్టమొచ్చిన వరసలో పెట్టమను. డమ్మీ మీద నొక్కినప్పుడు గొట్టం కిందకి గుంజుకుంటది, అది నీ కళ్ళతో నువ్వే చూస్తావ్, వేరే ఎవడూ చెప్పక్కర్లేదు. డమ్మీ మీద గొట్టం కదలకుండా ఉండేదాకా ఇదే చెయ్. ఒక పూటలో పెద్ద రైఫిల్‌తో పదిహేను ఇరవైకి మించి కాల్చొద్దు, అలసిన భుజం మళ్ళీ పాత బుద్ధి నేర్చుకుంటది, మిగతా టైం .22తో ఆడుకో.

ప్ర: మా ఆయన ఆగస్టు నుంచి హాల్లో గోడకి నల్ల చుక్క అంటించి, లైట్లు ఆర్పి, ఎయిర్ గన్‌తో టిక్కు టిక్కుమని నొక్కుతూ కూర్చుంటున్నారు, గుళ్ళు లేవులే అంటారు. దీనివల్ల నిజంగా ఏమన్నా ఉపయోగం ఉందా లేక సీరియల్ చూడకుండా తప్పించుకునే ప్లానా?

జ: రెండూ అయ్యుండొచ్చమ్మా. ఉత్తి ట్రిగ్గర్ ప్రాక్టీస్ చాలా మంచిది, పెద్ద షూటర్లంతా చేస్తారు. కానీ మడిచి గాలి ఎక్కించే స్ప్రింగ్ ఎయిర్ గన్ అయితే గుండు లేకుండా పేల్చొద్దని చెప్పండి, లోపల పిస్టన్ సీల్ దెబ్బతింటుంది, రిపేర్‌కి ఆయన ఇచ్చే డబ్బులు మీ ఇంట్లోవే. పోటీల్లో వాడే మ్యాచ్ రైఫిళ్ళకైతే డ్రై ఫైర్, అంటే గుండు లేకుండా నొక్కే సెట్టింగ్ వేరేగా ఉంటుంది. మామూలు వేట రైఫిల్‌తో చేయొచ్చు, .22తో మాత్రం డమ్మీ పెట్టుకునే చేయాలి. గుళ్ళు ఆ గదిలోనే ఉండకూడదు, పక్క గదిలో బీరువాలో పెట్టి తాళం మీ దగ్గర ఉంచుకోండి. లైట్లు మాత్రం వేయించండి, చీకట్లో చుక్క ఎవరికీ కనపడదు.

ప్ర: వికారాబాద్ వైపు మా ఫామ్‌హౌస్ చుట్టూ జింకలు, నెమళ్ళు వస్తుంటాయి. అమెరికా వెళ్ళే ముందు లైవ్ ప్రాక్టీస్ కింద .22 ఎయిర్ గన్‌తో ఒకటో రెండో ట్రై చేస్తే ఎవరికి తెలుస్తుంది?

జ: మీ పేరు, ఊరు వేయట్లేదు, అదే మీకు చేసే ఉపకారం. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో వేట అంటే చంపడం ఒక్కటే కాదు, పట్టడం, ఉచ్చు వేయడం, తరమడం, ఎర వేయడం, వీటిలో దేనికైనా ప్రయత్నించడం కూడా వేటే. అంటే తప్పిపోయినా కేసే. నెమలి, కృష్ణజింక మొదటి షెడ్యూల్‌లో, అంటే అన్నిటికన్నా గట్టి రక్షణ ఉన్న జాబితాలో ఉన్నాయి, వాటికి మూడేళ్ళ నుంచి ఏడేళ్ళు జైలు. చుక్కల జింక తెలంగాణ రాష్ట్ర జంతువు. పైగా 0.177 అంగుళాలు దాటిన బోరు (గొట్టం రంధ్రం) ఎయిర్ గన్‌కి లైసెన్స్ కావాలి, అంటే మీ .22 ఎయిర్ గన్ లైసెన్స్ లేకపోతే అదొక్కటే ఇంకో కేసు.

టెక్సస్‌లో వేట ఎందుకు కుదురుతుందంటే అక్కడ సీజన్ ఉంది, ఒక్కొక్కరికి ఇన్నే అని లెక్క ఉంది, జింకలు లక్షల్లో ఉన్నాయి, లైసెన్స్ డబ్బు వన్యప్రాణుల సంరక్షణకి పోతుంది. ఇక్కడ అదేం లేదు. వనస్థలిపురం హరిణ వనస్థలి ఒకప్పుడు నిజాం వేటాడిన చోటే, ఇప్పుడక్కడ కృష్ణజింకల్ని కాపాడుకుంటున్నాం. జింక ఎలా నిలబడుతుందో, ఎలా తల ఎత్తుతుందో నేర్చుకోవాలంటే ఒక ఆదివారం బైనాక్యులర్ తీసుకుని అక్కడికెళ్ళండి. పక్కకి తిరిగి నిలబడినప్పుడు ముందుకాలి వెనక, ఒంటి కింది మూడో వంతు దగ్గర చూపు ఆపడం ప్రాక్టీస్ చేయండి, గుండె ఊపిరితిత్తులు అక్కడే. ఎదురుగా చూస్తున్నప్పుడు, నడుస్తున్నప్పుడు, వెనక ఇంకోటి ఉన్నప్పుడు కాల్చకూడదు, ఆ కాల్చకపోవడం కూడా బైనాక్యులర్‌తోనే నేర్చుకోవచ్చు.

ప్ర: జింక గాయపడి పారిపోతే ఏం చేయాలి? మా మామయ్య వెంటనే పరిగెత్తాలి అంటారు.

జ: వద్దు. మళ్ళీ లోడ్ చేసుకుని, అది చివరిసారి కనపడిన చెట్టునో పొదనో గుర్తుపెట్టుకుని, కనీసం అరగంట ఆగండి. తరిమితే ఆ దెబ్బతోనే మైళ్ళు పోతుంది, వదిలేస్తే దగ్గర్లోనే పడుకుంటుంది. పొట్టలో తగిలిందని అనుమానం ఉంటే గంటలు ఆగాలి. తర్వాత రక్తం జాడ పట్టుకుని పక్కనుంచి నడవండి, జాడ తొక్కొద్దు, ప్రతి మచ్చ దగ్గరా టిష్యూ పేపర్ ముక్క పెట్టుకుంటూ వెళ్ళండి. రాంచ్ కంచె దాటితే పక్క ఓనర్‌ని అడక్కుండా అడుగు పెట్టొద్దని మీ మామయ్యకి కూడా చెప్పండి.