కొత్తగా వేసిన ప్యాకేజీలు తీసేయాలంటే ముందు హిస్టరీ ఫైల్ తెరవండి

మీరు అడిగింది ఇదీ: మొన్న ఒక వీడియో చూస్తూ ఉబుంటు అనే లైనక్స్ సిస్టమ్‌లో ఏడెనిమిది ప్యాకేజీలు, అంటే ప్రోగ్రామ్‌లు, వేశారు, వాటి వెంట ఇంకా బోలెడన్ని వచ్చేశాయి, ఇప్పుడు అవేవీ అక్కర్లేదు, మిగతా సిస్టమ్ జోలికి పోకుండా వాటిని మాత్రమే తీసేయాలి. గుర్తున్న పేర్లన్నీ టైప్ చేసి తీసేద్దామనుకుంటున్నానని కూడా రాశారు. దయచేసి ఆ పని చేయకండి. జ్ఞాపకాన్ని నమ్ముకుని తీసేయబోయి 2022లో నేను ఒక రాత్రంతా నిద్ర లేకుండా కూర్చున్నాను.

అప్పుడు బెంగళూరులో, మారతహళ్ళి పీజీలో ఉండేవాణ్ణి. ల్యాప్‌టాప్‌లో ఉబుంటు 20.04, దాంతో పాటు వచ్చే పైథాన్ ప్రోగ్రామింగ్ భాష 3.8 వెర్షన్. ఒక కోర్సుకి 3.10 కావాల్సి వచ్చి బయటి పీపీఏ ఒకటి (ఉబుంటు అసలు జాబితాలో లేని ప్యాకేజీలు దొరికే చోటు) కలిపి వేసుకున్నాను, బాగానే పని చేసింది. రెండు రోజుల తర్వాత, కొత్తది ఉంది కదా పాతది దేనికి అనుకుని 3.8ని తీసేయమన్నాను. తెర నిండా పేర్లు గబగబా దొర్లాయి. మర్నాడు పొద్దున్నే ఆఫీసు, అప్పటికే పన్నెండు దాటింది, చదవకుండా ఎంటర్ కొట్టాను. ప్యాకేజీలు వేసి, తీసే ప్రోగ్రామ్ ఆప్ట్, అది అడిగే ప్రశ్న చివర వై పెద్దక్షరం, ఎన్ చిన్నక్షరం ఉంటాయి చూడండి, దానర్థం ఏమీ టైప్ చేయకుండా ఉత్త ఎంటర్ కొట్టినా సరేనన్నట్టే.

రీస్టార్ట్ చేస్తే డెస్క్‌టాప్ లేదు. నల్ల తెర, లాగిన్ అన్న ఒక్క మాట, పక్కన మినుకు మినుకుమనే గీత. వైఫై కూడా కనెక్ట్ అవ్వలేదు. నాకు చేతులు చల్లబడ్డాయి, ప్రాజెక్టు ఫైళ్ళన్నీ అందులోనే ఉన్నాయి మరి. నా రూమ్మేట్ నెల్లూరు అబ్బాయి, సర్వర్లు చూసుకునే ఉద్యోగం, లేచి వచ్చి "అన్నా, ఫైళ్ళు ఎక్కడికీ పోవు, టెన్షన్ పడకు, ముందు హిస్టరీ చూద్దాం" అన్నాడు. ఇద్దరం రెండో అంతస్తులో గోడకి బిగించిన రౌటర్ కింద మెట్ల మీద కూర్చుని, ల్యాన్ కేబుల్ పెట్టి, ఆప్ట్ తను చేసిన పనులన్నీ రాసిపెట్టే హిస్టరీ ఫైల్‌లో రిమూవ్ అన్న వరుస తెరిచాం. ఆ రాత్రి పోయిన ప్రతి ప్యాకేజీ పేరు, వెర్షన్‌తో సహా, అందులో ఉంది. ముందు ఉబుంటు డెస్క్‌టాప్ అన్న ప్యాకేజీని తిరిగి ఇన్‌స్టాల్ చేశాం, తర్వాత ఆ వరుస చూసుకుంటూ మిగిలినవి. తెల్లారేసరికి మామూలు తెర వచ్చింది. ఫైళ్ళకి ఏమీ కాలేదు.

అలా ఎందుకు జరిగిందో తెలిస్తే మీకే అర్థమవుతుంది ఎక్కడ జాగ్రత్త పడాలో. ఒక ప్యాకేజీకి ఆధారమైనది పోతే దాన్ని కాళ్ళు లేకుండా నిలబెట్టి ఉంచడానికి ఆప్ట్ ఒప్పుకోదు, దాన్నీ తీసేస్తానంటుంది, దాని మీద ఆధారపడినవాటినీ తీసేస్తానంటుంది. ఉబుంటులో చాలా పనిముట్లు సిస్టమ్‌తో వచ్చిన పైథాన్ మీదే నడుస్తాయి కాబట్టి ఆ ఒక్కటి లాగితే తీగంతా కదిలింది. అందుకే కొత్త పైథాన్ వేసుకున్నా పాతదాన్ని అలాగే ఉంచాలి.

ఇక మీ సంగతి. వార్ ఫోల్డర్‌లో లాగ్, అందులో ఆప్ట్, అందులో హిస్టరీ డాట్ లాగ్ అనే ఫైల్ (/var/log/apt/history.log) ఉంటుంది, లెస్ కమాండ్‌తో తెరవండి. మీరు ఆప్ట్ నడిపిన ప్రతిసారికీ అందులో ఒక ముక్క ఉంటుంది: మొదలైన తేదీ, టైము, మీరు టైప్ చేసిన కమాండ్ ఉన్నదున్నట్టు, ఆ తర్వాత ఇన్‌స్టాల్ అన్న వరుస. ఆ వరుసలో ప్రతి పేరు పక్కన వెర్షన్ ఉంటుంది, మీరు అడక్కుండా వెంట వచ్చినదైతే వెర్షన్ తర్వాత ఆటోమేటిక్ అని ఉంటుంది. ఆ మాట లేనివే మీరు కోరి వేసినవి. వాటిని మాత్రం ఒక కాగితం మీద రాసుకోండి, మీరు చెప్పినదాన్ని బట్టి ఏడెనిమిదికి మించవు. నెల మారిపోతే కంగారు పడకండి, పాత నెలల ఫైళ్ళు అదే ఫోల్డర్‌లో నంబర్లతో జిప్ అయి ఉంటాయి, మామూలుగా 12 నెలలవి ఉంచుతుంది, జడ్‌లెస్ కమాండ్‌తో చదవొచ్చు.

రాసుకున్న పేర్లతో నేరుగా తీసేయకండి. ముందు ఆప్ట్ గెట్ రిమూవ్‌కి హైఫన్ ఎస్ (-s) తగిలించి, ఆ పేర్లిచ్చి నడపండి. అది ఉత్తుత్తి పరుగు, ఏదీ నిజంగా తీయదు, సుడో (అడ్మిన్ అధికారంతో నడపడం) కూడా అక్కర్లేదు, ఏమేం పోతాయో మాత్రం చెబుతుంది. ఆ జాబితాని మీ కాగితంతో పోల్చండి. కాగితంలో లేని పేరు, ముఖ్యంగా డెస్క్‌టాప్, గ్నోమ్, నెట్‌వర్క్ మేనేజర్, పైథాన్ లాంటిది కనిపిస్తే అక్కడే ఆగిపోండి. ఐదు తీసేయమంటే అరవై తీసేస్తానందంటే ఏదో తేడా ఉన్నట్టే. అన్నీ సరిపోతే అప్పుడు సుడోతో అసలు రిమూవ్. తర్వాత, వెంట వచ్చి ఇక దేనికీ అక్కర్లేనివాటిని తీసేసే ఆటోరిమూవ్, దాన్ని కూడా ముందు ఉత్తుత్తిగానే. అందులో పాత కెర్నళ్ళు (సిస్టమ్ మూల భాగం పాత వెర్షన్లు) కనిపిస్తే భయం లేదు, అవి పోవాల్సినవే. మీరు వాడుతున్నది ఏదైనా కనిపిస్తే ఆప్ట్ మార్క్ మాన్యువల్ అని దాని పేరిస్తే ఆ జాబితాలోంచి తప్పుకుంటుంది. వెంట వచ్చినవాటిలో కొన్ని మిగిలిపోవచ్చు కూడా, వేరే ప్యాకేజీ వాటిని సిఫారసు చేస్తుంటే ఆప్ట్ ఉంచేస్తుంది, వాటిని వదిలేయండి, కాస్త జాగా తప్ప నష్టం లేదు.

అడక్కుండానే సరేననేసే హైఫన్ వై (-y) పెట్టొద్దు, పేర్లలో స్టార్ గుర్తు (*) పెట్టి అన్నీ ఒకేసారి పట్టేద్దామని చూడొద్దు, యూఎస్ఆర్ ఫోల్డర్‌లోకి వెళ్ళి చేత్తో ఫైళ్ళు తుడవొద్దు. ఇవి మూడూ నేను చాలామంది దగ్గర చూశాను, చూసిన ప్రతిసారీ మనసు చివుక్కుమంటుంది, ఎందుకంటే ఆ జాబితా ఒక్క నిమిషం చదివితే సరిపోయేది. కొత్తవాళ్ళకే ఇలా అవుతుందనీ అనుకోకండి. 2021లో పేరున్న టెక్ యూట్యూబర్ లైనస్ సెబాస్టియన్, పాప్ ఓఎస్ అనే లైనక్స్‌లో గేముల ప్రోగ్రామ్ స్టీమ్ వేయబోతే, ఒక ప్యాకేజీ లోపం వల్ల డెస్క్‌టాప్ మొత్తం పోయింది, అదీ వీడియోలో అందరూ చూస్తుండగా. తీసేసేటప్పుడే కాదు, వేసేటప్పుడు కూడా ఏవి పోతాయంటోందో చదవాలని అందుకే అంటున్నాను.

పర్జ్ గురించి కూడా అడిగారు. రిమూవ్ అయితే ఈటీసీ ఫోల్డర్‌లోని సెట్టింగులు మిగులుతాయి, పర్జ్ అయితే అవీ పోతాయి, మీ హోమ్ ఫోల్డర్‌లో ఆ ప్రోగ్రామ్ రాసుకున్నవాటిని మాత్రం రెండూ ముట్టుకోవు. మీ జాబితాలో డేటాబేస్ ప్రోగ్రామ్ మైఎస్‌క్యూఎల్ ఉందన్నారు కాబట్టి ఒక్క మాట: పర్జ్ చేస్తే డేటాబేస్‌లు కూడా తీసేయాలా అని అది అడుగుతుంది. అందులో మీ పని ఒక్క టేబుల్ ఉన్నా ముందు డంప్, అంటే డేటాబేస్ మొత్తం కాపీ, తీసి పెన్‌డ్రైవ్‌లో పెట్టుకోండి.

ఆ వీడియోలో పీపీఏ కలపమని ఉంటే కథ వేరు. హిస్టరీలో ఇన్‌స్టాల్ కింద అప్‌గ్రేడ్ అన్న వరుస కూడా ఉంటే, అంతకుముందే ఉన్న ప్యాకేజీలని కొత్త వెర్షన్లతో మార్చిందన్నమాట, రిమూవ్‌తో అవి వెనక్కి రావు. దానికి పీపీఏ పర్జ్ అనే చిన్న ప్రోగ్రామ్ ఉంది, ఆ పీపీఏని తీసేసి అందులోంచి వచ్చినవాటిని ఉబుంటు వెర్షన్లకి దించుతుంది. ఆప్ట్‌తో కాకుండా స్నాప్‌తో వేసినవి, పైథాన్ వాటికి వాడే పిప్‌తో వేసినవి ఈ హిస్టరీలో కనిపించవు, స్నాప్ లిస్ట్, పిప్ లిస్ట్ విడిగా చూడాలి. స్నాప్ రిమూవ్ చేస్తే దాని డేటాని 31 రోజులు దాచి ఉంచుతుంది, కాబట్టి వెంటనే జాగా ఖాళీ కాలేదని కంగారు పడకండి.

ఈ రాత్రి చేసేటట్టయితే, ముందు ఆ తేదీ ఇన్‌స్టాల్ వరుస, ఉత్తుత్తి పరుగు ఇచ్చిన జాబితా, రెండూ కాపీ చేసి ఇక్కడే కింద పెట్టండి. తొమ్మిదిన్నరకి ఇంటికి చేరతాను, చూసి చెబుతాను, అప్పటిదాకా ఆ ఎంటర్ మాత్రం కొట్టకండి.