హ్యాండ్ లగేజీ ఎంత తెచ్చుకోవాలి? కొత్తగా వచ్చేవాళ్ళకి నా సలహా

జూన్ వచ్చిందంటే చాలు, ఫాల్ సెమిస్టర్‌కి అమెరికా బయల్దేరే పిల్లల నుంచి ఒకటే ప్రశ్న. "అన్నా, టికెట్టు మీద హ్యాండ్ లగేజీ 7 కిలోలని ఉంది, కానీ పదీ పన్నెండూ పట్టుకెళ్ళినా ఎవరూ అడగరట కదా?" కొందరిని అడగరు, నిజమే. అడిగినవాళ్ళ పరిస్థితి ఏంటో శంషాబాద్‌లో చెకిన్ కౌంటర్ల పక్కన ఓ అరగంట నిలబడితే మీకే తెలుస్తుంది. నేల మీద ట్రాలీ తెరిచి, ఏది తీసేయాలో తోచక, చెవి దగ్గర ఫోను పెట్టుకుని "అమ్మా, సున్నుండలు తీసేయనా, చెప్పులు తీసేయనా" అని అడిగే పిల్లలు ప్రతి రాత్రీ కనిపిస్తారు. టికెట్టు లేనివాళ్ళని లోపలికి రానివ్వరు కాబట్టి అమ్మానాన్నలు గాజు తలుపుల బయటే ఉంటారు, తీసేసిన సామాను వాళ్ళ చేతికి అందించడానికి మళ్ళీ గేటు దాకా పరుగెత్తాలి. మొదటిసారి ఇల్లు వదిలి వెళ్తున్న పిల్లలకి ఆ టెన్షన్ ఎందుకు?

హ్యాండ్ లగేజీకి నేను చెప్పే కొలత రెండే రెండు మాటలు. చెకిన్ పెట్టెలు మూడు రోజులు ఆలస్యమైనా మీ పని ఆగకూడదు. ఆ బ్యాగుని ఎవరి సాయమూ లేకుండా మీరే తల పైకి ఎత్తి అరలో పెట్టగలగాలి. ఈ రెండింటికీ 7 కిలోలు సరిపోతాయి, అంతకు మించి తెచ్చుకోకండి.

ముందు రూల్సు. ఎమిరేట్స్, ఖతార్, ఎతిహాద్, ఎయిర్ ఇండియా, వీటి ఎకానమీలో మామూలుగా 7 కిలోలు. లుఫ్తాన్సాలో 8. బ్రిటిష్ ఎయిర్‌వేస్‌లో క్యాబిన్ బ్యాగు 23 కిలోల దాకా ఉండొచ్చు, దాంతోపాటు సీటు కింద పట్టే చిన్న బ్యాగు ఇంకొకటి, కానీ పెద్దదాన్ని మీరే ఎత్తి పైన పెట్టుకోగలగాలని వాళ్ళు కూడా షరతు పెట్టారు. ల్యాప్‌టాప్ బ్యాగు విడిగా రానిస్తారా, అన్నీ కలిపి ఒకటేనా అన్నది ఎయిర్‌లైన్‌ని బట్టి మారుతుంది. ఫ్రెండు చెప్పాడని నమ్మకుండా మీ టికెట్టు మీద ఉన్నది చదవండి. విజయవాడ నుంచో విశాఖ నుంచో ఢిల్లీ వెళ్ళి అక్కడ మారేవాళ్ళూ, రెండు మూడు ఎయిర్‌లైన్ల టికెట్టు ఉన్నవాళ్ళూ అన్నింట్లో ఏది తక్కువ ఒప్పుకుంటుందో దాని ప్రకారం సర్దుకోండి. మొదటి గేటులో వదిలేసినా రెండో గేటులో తూకం వేస్తే చేసేదేమీ ఉండదు, అక్కడ మీకు తెలిసినవాళ్ళెవరూ ఉండరు.

ఇప్పుడు ఆ 7 కిలోల లెక్క చూడండి. చక్రాల ట్రాలీ ఖాళీదే రెండున్నర నుంచి మూడు కిలోలు ఉంటుంది. ల్యాప్‌టాప్, దాని చార్జరు కలిపి రెండు కిలోల పైమాటే. సర్టిఫికెట్ల ఫైలు ఇంకో కిలో వేసుకోండి. ఏమీ సర్దకముందే ఆరు కిలోలు అయిపోయాయి! అందుకే ట్రాలీ కొనకండి అంటాను. మంచి బ్యాక్‌ప్యాక్ కిలో లోపే ఉంటుంది, మిగిలిన బరువంతా మీ సామానుకే. ఇక్కడ కాలేజీకి కూడా రోజూ అదే పనికొస్తుంది. చేత్తో పట్టుకుని తూచే చిన్న డిజిటల్ తూకం ఒకటి కొనుక్కోండి, చాలా చవక. సర్దడం ప్రయాణానికి రెండు రోజుల ముందే అయిపోవాలి. ఆఖరి రోజు చుట్టాలు వస్తారు, తలా ఒక ప్యాకెట్టు తెస్తారు, వద్దంటే బాధపడతారు, ఆ ప్యాకెట్లన్నీ చేరేది హ్యాండ్ లగేజీలోకే. అప్పటికే బ్యాగు తూచి జిప్పు వేసేసి ఉంటే వద్దనడం కాస్త తేలిక.

అన్నిటికన్నా ముఖ్యమైనది ఇప్పుడు చెప్తున్నాను, మిగతాదంతా మర్చిపోయినా ఇది మర్చిపోకండి. మీ హ్యాండ్ బ్యాగులోనే ఇంకొక చిన్న సంచి పెట్టుకోండి, మెడలో వేసుకునేదైనా నడుముకి కట్టుకునేదైనా సరే. పాస్‌పోర్టు, ఐ-20 (స్టూడెంట్ వీసా కోసం యూనివర్సిటీ ఇచ్చే కాగితం), ఫోను, డబ్బులు, కార్డులు, రోజూ వేసుకునే మందులు అందులో ఉండాలి. ఎందుకంటే విమానం నిండిపోయి పైన అరల్లో చోటు లేకపోతే గేటు దగ్గరే మీ బ్యాగుకి ట్యాగు వేసి కిందికి పంపేస్తారు. మీ బ్యాగు సరిగ్గా 7 కిలోలున్నా పంపొచ్చు. మా ఊరి కుర్రాడొకడికి ఇలాగే అయింది. విమానం మారే చోట ట్రాలీ తీసేసుకున్నారు, వాడు తొందరలో ఇచ్చేశాడు, ఐ-20 ఉన్న ఫైలు అందులోనే ఉండిపోయింది. చికాగోలో దిగాక ముందు ఇమిగ్రేషన్, ఆ తర్వాతే సామాన్ల బెల్టు. ఆఫీసరు ఐ-20 అడిగాడు, చూపించడానికి చేతిలో ఏమీ లేదు. పక్క గదిలో కూర్చోబెట్టారు. వివరాలు వాళ్ళ కంప్యూటర్లో దొరికాయి కాబట్టి చివరికి పంపించారు, కానీ అప్పటికి పై ఊరికి వెళ్ళాల్సిన విమానం వెళ్ళిపోయింది. ఐ-20 చూపించలేని విద్యార్థికి 30 రోజుల గడువు పెట్టి ఐ-515ఎ అనే కాగితం ఇచ్చి పంపే పద్ధతి కూడా ఉంది. ఆ గడువులోపు కాగితాలు పంపాలి, చదువు మొదలుపెట్టాల్సిన నెలలో అదొక పరుగు. ఇదంతా తప్పించుకోవడానికి కావలసింది ఒక చిన్న సంచి.

అమెరికాలో దిగాక చిన్న యూనివర్సిటీ ఊళ్ళకి వెళ్ళేవాళ్ళు 50 సీట్ల చిన్న విమానం ఎక్కాల్సి రావచ్చు. వాటి అరల్లో చక్రాల ట్రాలీ పట్టదు, గేటు దగ్గరే తీసుకుంటారు. అక్కడ కూడా ఆ సంచే మీతో వస్తుంది.

చిన్న సంచి కాక పెద్ద బ్యాగులో ఏం ఉండాలి? ల్యాప్‌టాప్, ఒరిజినల్ సర్టిఫికెట్లు, ఒక జత బట్టలు, లోదుస్తులు, పళ్ళు తోముకునే బ్రష్షు, కళ్ళద్దాలు వాడేవాళ్ళైతే రెండో జత, డాక్టరు చీటీతో సహా మందులు. జాకెట్టు ఒంటి మీద వేసుకోండి, విమానంలో చలికీ పనికొస్తుంది, బ్యాగులో బరువూ తగ్గుతుంది. చెకిన్ పెట్టె రాకపోతే ఈ సామానుతో మూడు రోజులు గడిచిపోతాయి. పెట్టె రాలేదని తేలగానే ఎయిర్‌పోర్టు వదిలి వెళ్ళకముందే బ్యాగేజీ కౌంటర్లో కంప్లైంట్ రాయించి ఆ కాగితం, నంబరు తీసుకోండి. బోర్డింగ్ పాస్ మీద అంటించిన ట్యాగు ముక్క పారేయకండి. ఆ రోజుల్లో కొనుక్కున్న సబ్బుకీ చొక్కాకీ బిల్లులు దాచండి. అంతర్జాతీయ ప్రయాణాల్లో సామాను పోయినా ఆలస్యమైనా ఎయిర్‌లైన్ బాధ్యత ఎంతవరకో మాంట్రియల్ ఒప్పందం చెప్తుంది. 2024 డిసెంబరు 28 నుంచి ఆ పరిమితి మనిషికి 1,519 ఎస్‌డీఆర్‌లు (అంతర్జాతీయ ద్రవ్యనిధి వాడే లెక్క యూనిట్), అంటే సుమారుగా రెండు వేల డాలర్లు. పెట్టె పాడై వస్తే 7 రోజుల్లో, ఆలస్యంగా వస్తే చేతికందిన 21 రోజుల్లో రాతపూర్వకంగా అడగాలి. మన పిల్లలు చాలామంది మొహమాటపడి అడగరు, అడగండి.

పవర్ బ్యాంక్ ఎప్పుడూ హ్యాండ్ లగేజీలోనే, చెకిన్‌లో పెట్టనివ్వరు. మామూలుగా 100 వాట్ అవర్ల లోపు ఉండాలి. 20,000 ఎంఏహెచ్ అని రాసి ఉన్నది దాదాపు 74 వస్తుంది, ఇబ్బంది లేదు. అక్షరాలు చెరిగిపోయిన పాతది మాత్రం తేకండి, ఎంతో కనిపించకపోతే తీసేసుకుంటారు. 2025 జనవరిలో దక్షిణ కొరియాలో ఎయిర్ బుసాన్ విమానం కాలిపోయాక చాలా ఎయిర్‌లైన్లు దీన్ని గట్టిగా పట్టుకున్నాయి. ఎమిరేట్స్ 2025 అక్టోబరు 1 నుంచి మనిషికి ఒక్కటే అంటోంది, అది కూడా విమానంలో వాడకూడదు, పైన అరలో పెట్టకూడదు. బ్యాగుని గేటు దగ్గర తీసుకుంటే ముందు పవర్ బ్యాంక్ బయటికి తీసి ఇవ్వండి.

తిండి గురించి అమ్మలకి నచ్చని మాట చెప్పాలి. ఆవకాయ, గోంగూర పచ్చడి, నెయ్యి, ఇవేవీ చేతి బ్యాగులో వద్దు. నూనె తేలే పచ్చడి సెక్యూరిటీవాళ్ళ లెక్కలో ద్రవం కిందే వస్తుంది. ద్రవాలు 100 మిల్లీలీటర్లు దాటకూడదు, 200 మిల్లీలీటర్ల సీసాలో సగమే ఉందన్నా ఒప్పుకోరు, సీసా సైజునే చూస్తారు. 2006 ఆగస్టులో లండన్ నుంచి వెళ్ళే విమానాల మీద ద్రవ పేలుడు పదార్థాల కుట్ర బయటపడ్డాక వచ్చిన రూలు ఇది. కారం, పసుపు, కందిపొడి, నల్లకారం లాంటి పొడులు అమెరికా విమానాల్లో 350 మిల్లీలీటర్లకి మించితే విప్పి చూస్తారు, తేల్చుకోలేకపోతే అక్కడే వదిలేయమంటారు. అవన్నీ చెకిన్‌లో పెట్టేయండి, గట్టిగా ప్యాక్ చేయించి. ఎండు కొబ్బరి తేలిగ్గా మండుతుందని మన ఎయిర్‌పోర్టుల్లో ఆపేస్తారు. పచ్చి కరివేపాకుని అమెరికాలోకి రానివ్వరు, నిమ్మ జాతి చెట్లకి తెగులు తెచ్చే పురుగు దాని మీద ఉంటుందని భయం. తిండి సామాను ఏది తెచ్చినా కస్టమ్స్‌లో అడిగితే ఉందని చెప్పండి. ఉందని చెప్తే మహా అయితే ఆ వస్తువు పోతుంది, దాచి దొరికితే వందల డాలర్ల జరిమానా. దారిలో ఆకలికి జంతికలో, రెండు అరిసెలో చేతి బ్యాగులో ఉంచుకోండి, చాలు.

గసగసాల సంగతి విడిగా చెప్తున్నాను, ఎందుకంటే మన వంటింట్లో అది మామూలు దినుసు. యూఏఈలో నిషేధం, మాదకద్రవ్యాల చట్టం కిందికి వస్తుంది. మేం దుబాయ్‌లో దిగట్లేదు, విమానమే మారుతున్నాం అని ధైర్యపడకండి, మారేటప్పుడు కూడా మీ చేతి బ్యాగు మళ్ళీ మెషీన్‌లోకి వెళ్తుంది. మసాలా ప్యాకెట్టులో కలిపి ఉన్నా వద్దు. ట్రమడాల్, కోడీన్ ఉన్న నొప్పి మాత్రలూ దగ్గు మందులూ కూడా అక్కడ అనుమతి, చీటీ లేకుండా కుదరవు. "మా అబ్బాయికి ఈ చిన్న ప్యాకెట్టు ఇచ్చెయ్యి బాబూ" అని ఎవరైనా ఇస్తే, వాళ్ళ ఎదుటే విప్పి చూసి మీరే మళ్ళీ కట్టండి. విప్పనివ్వకపోతే తీసుకోకండి. పక్కింటి పిన్నిగారైనా సరే. మీ బ్యాగులో దొరికినదానికి జవాబు చెప్పాల్సింది మీరే.

అబుదాబి మీదుగా అమెరికా వెళ్ళేవాళ్ళకి ఇమిగ్రేషన్, కస్టమ్స్ అక్కడే అయిపోతాయి, కాబట్టి కాగితాలు అక్కడే చేతిలో ఉండాలి. మిగతా దారుల్లో వచ్చేవాళ్ళు చాలావరకు అమెరికాలో దిగిన మొదటి ఊళ్ళో పెట్టెలు తీసుకుని మళ్ళీ వేయాలి. దారిలో డ్యూటీ ఫ్రీలో ఏ సెంటు సీసానో కొని ఉంటే అప్పుడే చెకిన్ పెట్టెలోకి మార్చేయండి, తర్వాత ఇంకో సెక్యూరిటీ ఉంటుంది.

ఇంకొక మాట, ఇది బరువు గురించి కాదు, ప్రాణం గురించి. 2016 ఆగస్టు 3న తిరువనంతపురం నుంచి వెళ్ళిన ఎమిరేట్స్ విమానం దుబాయ్‌లో దిగుతూ రన్‌వే మీద కూలింది. లోపల 300 మంది, ఎక్కువమంది మనవాళ్ళే. అందరూ బయటపడ్డారు, మంటలు ఆర్పడానికి వచ్చిన ఒక అగ్నిమాపక ఉద్యోగి చనిపోయాడు. లోపల తీసిన వీడియోలో పొగ కమ్ముతుంటే కూడా జనం పైన అరల్లోంచి బ్యాగులు లాగుతూ కనిపిస్తారు. 2024 జనవరి 2న టోక్యో హనేడాలో జపాన్ ఎయిర్‌లైన్స్ విమానం కాలిపోయినప్పుడు 379 మందీ బయటపడ్డారు, సామాన్లు వదిలేసి దిగారు. వాళ్ళలా మీరూ దిగగలగాలంటే విలువైనవేవీ పైన అరలో ఉండకూడదు. విమానం ఎగిరేటప్పుడు, దిగేటప్పుడు పాస్‌పోర్టు, ఫోను ఉన్న చిన్న సంచి ఒంటి మీదే ఉంచుకోండి. పైనున్న బ్యాగు పోయినా బాధ లేదనిపించాలి.

పురుడు పోయడానికో, మనవల్ని చూడ్డానికో అమ్మానాన్నలు వస్తుంటే వాళ్ళ చేతికి ట్రాలీ ఇవ్వకండి. అరవై దాటినవాళ్ళు ఇరుకు దారిలో ఏడు కిలోలు పైకెత్తుతూ తూలడం నేను కళ్ళారా చూశాను, వెనకవాళ్ళు తొందరపెడుతుంటే మరీ కష్టం. ఒక్కొక్కరికీ భుజానికి వేసుకునే తేలికపాటి సంచి చాలు. అందులో బీపీ, షుగరు మాత్రలు మొత్తం ప్రయాణానికీ పైన వారానికీ సరిపడా, ఇన్సులిన్ వాడేవాళ్ళైతే అది కూడా, డాక్టరు చీటీ, ఒక శాలువా, మీ అడ్రసు, ఫోను నంబరు, విమానాల నంబర్లు పెద్ద అక్షరాలతో ఇంగ్లీషులోనూ తెలుగులోనూ రాసిన కాగితం ఉంచండి. వీల్‌చైర్ అడిగి ఉంటే ఆ సంచి ఒళ్ళో పెట్టుకునేంత చిన్నదిగా ఉండాలి. ఇద్దరి మాత్రలూ ఒకే సంచిలో సర్దకండి, విమానంలో పక్కపక్క సీట్లు దొరక్కపోవచ్చు.