అయిదు కోట్ల జనాభా, 23 కోట్ల పర్యాటకులు: ఈ లెక్క ఎలా చదవాలి?

ప్రశ్న: 2019లో ఆంధ్రప్రదేశ్‌కు దాదాపు 23.7 కోట్ల మంది దేశీయ పర్యాటకులు వచ్చారని చదివాను. రాష్ట్ర జనాభాయే అయిదు కోట్లు. ఈ అంకెను నమ్మవచ్చా?
– ఒక పాఠకుడు, ఏలూరు

జవాబు: అంకె కేంద్ర పర్యాటక శాఖ ప్రచురణలో ఉన్నదే. పొరపాటు ‘మంది’ అనే మాటలో ఉంది. అవి మనుషుల లెక్కలు కావు, సందర్శనల లెక్కలు. మీ ఊరి నుంచి నలుగురున్న కుటుంబం బయలుదేరి తిరుపతిలో ఒక రాత్రి, శ్రీశైలంలో ఒక రాత్రి బస చేసి వస్తే, రెండు చోట్లా నమోదైనప్పుడు అది ఎనిమిది సందర్శనలవుతుంది. ఆ కుటుంబమే ఏడాదిలో మరోసారి వెళ్తే పదహారు.

విదేశీయుల విషయంలో ఈ తేడా ఇంకా స్పష్టంగా కనబడుతుంది. ఇమ్మిగ్రేషన్ లెక్కల ప్రకారం 2019లో దేశంలోకి వచ్చిన విదేశీ పర్యాటకుల రాకలు సుమారు 1.09 కోట్లు కాగా, అదే ఏడాది రాష్ట్రాలన్నీ చూపిన విదేశీ సందర్శనలను కూడితే 3.14 కోట్లు దాటుతాయి. ఢిల్లీలో దిగి, ఆగ్రా చూసి, జైపూర్ వెళ్లిన ఒక్క మనిషి మూడు రాష్ట్రాల పుస్తకాల్లోకి ఎక్కుతాడు కాబట్టి ఇందులో మోసమేమీ లేదు. కొలిచిన వస్తువే వేరు. ఇక్కడే ఇంకో చిత్రం ఉంది. సంక్రాంతికి తెనాలిలోని అమ్మగారింటికి వచ్చిన అమెరికా పౌరసత్వమున్న మన అమ్మాయి విమానాశ్రయంలో విదేశీ పర్యాటకురాలిగానే లెక్కకు వస్తుంది గానీ, ఏ హోటల్ రిజిస్టర్‌లోనూ ఆమె పేరు ఉండదు.

రాష్ట్రాల లెక్కలు ప్రధానంగా హోటళ్లు, వసతిగృహాలు నెలనెలా ఇచ్చే వివరాల మీద ఆధారపడతాయి. అందువల్ల బంధువుల ఇళ్లలో దిగేవారు ఆ లెక్కల్లోకి రారు. ఆ లోటును ఇంటింటి సర్వేలు తీరుస్తాయి. జాతీయ నమూనా సర్వే సంస్థ 2008-09లోనూ, 2014-15లోనూ కుటుంబాలను అడిగి దేశీయ ప్రయాణాల వివరాలు సేకరించింది. రాత్రి బస ఉన్న ప్రయాణాలకు అన్నిటికంటే పెద్ద కారణం విహారం కాదని, పెళ్లిళ్లు, పేరంటాలు, బంధుమిత్రులను చూడటం వంటి సామాజిక అవసరాలేనని ఆ సర్వేల్లో తేలింది. ఇటువంటి ప్రయాణాలకు కుటుంబాలు పెట్టిన ఖర్చుల వివరాలు కూడా ఆధారంగా చేసుకునే దేశ ఆదాయంలో పర్యాటకం వాటా తేల్చే ‘టూరిజం శాటిలైట్ అకౌంట్’ తయారవుతుంది. పేరు చూసి ఆకాశంలోని ఉపగ్రహం అనుకోకండి. జాతీయ ఆదాయ లెక్కలకు అనుబంధంగా ఉండే ఖాతా కాబట్టి ఆ పేరు వచ్చింది.

కాబట్టి నా సలహా ఇది: ఒకే రాష్ట్రం, ఒకే పద్ధతిలో కొన్నేళ్లపాటు ఇచ్చిన అంకెల పోకడను చూడండి, రాష్ట్రాల ర్యాంకులను మాత్రం పట్టించుకోకండి. పోకడ చూసేటప్పుడు కూడా 2015 గోదావరి పుష్కరాలు, 2016 కృష్ణా పుష్కరాలు వంటి సంవత్సరాలను పక్కన పెట్టి చూడాలి. లేకపోతే ఆ మరుసటి ఏడాది జనం తగ్గిపోయారన్న తప్పుడు నిర్ధారణకు వస్తాం.

ప్రశ్న: అరకులో ఆరు గదుల హోమ్‌స్టే నడుపుతున్నాను. నాలాంటి చిన్నవాళ్లకు డేటాతో పనేముంది?
– ఒక పాఠకురాలు, అరకులోయ

జవాబు: మీకే ఎక్కువ పని ఉందండీ. పెద్ద హోటల్ ఒక తప్పు నిర్ణయాన్ని భరించగలదు, ఆరు గదులవారు భరించలేరు. నెలకు 30 రోజుల చొప్పున మీ దగ్గర 180 గది-రాత్రులు ఉన్నాయి. అందులో 72 అమ్ముడుపోయాయనుకుంటే ఆక్యుపెన్సీ, అంటే గదులు నిండిన శాతం, 40. ఈ సగటు చూసి అద్దె తగ్గించాలని ఎవరికైనా అనిపిస్తుంది. అదే లెక్కను విడదీసి చూడండి. నాలుగు వారాంతాల ఎనిమిది రాత్రుల్లో 48కి 48 నిండి, మిగిలిన 22 రోజుల్లో 132కి 24 మాత్రమే నిండి ఉంటే, శని, ఆదివారాల్లో అద్దె తగ్గించడం చేతి డబ్బు పారేసుకోవడమే. తగ్గింపు ఇవ్వవలసింది 18 శాతం దగ్గర ఆగిపోయిన మామూలు రోజులకు.

అతిథి ఏ ఊరివారు, ఎన్ని రాత్రులు ఉన్నారు, ఎన్ని రోజుల ముందు బుక్ చేసుకున్నారు అన్నవి రాసి పెట్టుకోండి. వీటికంటే విలువైన సమాచారం మరొకటుంది, దాన్ని దాదాపు ఎవరూ రాసుకోరు: గది లేదని మీరు వెనక్కి పంపినవారి సంఖ్య, ధర విని ఫోన్ పెట్టేసినవారి సంఖ్య. నిండిన గదులు నిన్నటి వ్యాపారాన్ని చెబుతాయి గానీ, ఏడో గది కట్టాలా వద్దా అన్నది ఈ రెండో జాబితాయే తేల్చాలి. గుర్తింపు కార్డుల నకళ్లను మాత్రం ఈ పుస్తకంలో కలపవద్దు. చట్టం అడిగే వివరాలు వేరు, వ్యాపారానికి పనికొచ్చే వివరాలు వేరు.

ప్రశ్న: వంజంగి కొండ మీద మేఘాలు చూడటానికి చలికాలంలో విపరీతంగా జనం వస్తున్నారు. రోజుకు ఇంతమందే అని పరిమితి పెడితే సరిపోదా?
– ఒక పాఠకుడు, పాడేరు

జవాబు: పెట్టవచ్చు, కానీ అంకె ఎక్కడి నుంచి వస్తుంది? ఊటీ, కొడైకెనాల్ విషయంలో మద్రాస్ హైకోర్టు అనుసరించిన క్రమం గమనించదగ్గది. 2024 మే 7 నుంచి బయటి వాహనాలకు ఈ-పాస్ తప్పనిసరి చేసినప్పుడు వాహనాలను ఆపడం కంటే, ఎన్ని వస్తున్నాయో తెలుసుకోవడమే తొలి ఉద్దేశం. ఆ కొండలు ఎంత భారం మోయగలవో తేల్చే అధ్యయనాన్ని ఐఐటీ మద్రాస్, ఐఐఎం బెంగళూరులకు అప్పగించారు. ఆ తర్వాతే, 2025 వేసవికి నీలగిరుల్లో మామూలు రోజుల్లో 6,000, వారాంతాల్లో 8,000 వాహనాలన్న పరిమితి వచ్చింది.

వంజంగికి రోజువారీ మొత్తం పెద్దగా ఉపయోగపడదని నా అభిప్రాయం. వెయ్యి మంది రోజంతా వస్తూపోతూ ఉంటే దారి తట్టుకుంటుంది; అదే వెయ్యి మంది సూర్యోదయానికి ముందు గంటన్నరలో ఎక్కితే తట్టుకోదు. తిరుమలలో సమయం కేటాయించిన టోకెన్లు ఇచ్చేది కూడా వచ్చేవారిని తగ్గించడానికి కాదు, ఒకే వేళ మీద పడకుండా చూడటానికే. కాబట్టి మీ దగ్గర ముందుగా తేలవలసింది డిసెంబరు, జనవరి ఆదివారాల్లో తెల్లవారుజామున నాలుగు నుంచి ఏడు గంటల మధ్య ఎన్ని బళ్లు, ఎంతమంది పైకి వెళ్తున్నారన్నది, దాంతోపాటు చుట్టుపక్కల గూడేల నీటికి, దారికి ఆ రోజుల్లో ఏమవుతోందన్నది. మొదటిదానికి కొండ కింద ఇద్దరు మనుషులు, ఒక నోటుపుస్తకం చాలు. రెండోదానికి ఆ గూడేలవారినే కూర్చోబెట్టి అడగాలి.